మేలో షోలాపూర్‌లో పెళ్లి, అమ్మతో పిల్లలతో వెళ్తున్నాం. ఎండలో ఏం చూడొచ్చు?

దెగ్లూర్_అమ్మాయి

మాది నాందేడ్ జిల్లా దెగ్లూర్. మే మొదటి వారంలో మా మేనత్త మనవడి పెళ్లి షోలాపూర్‌లో, కన్నా చౌక్ దగ్గర ఏదో మంగళ కార్యాలయంలో. అమ్మ మద్నూర్ నుంచి మాతోనే వస్తుంది, డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు, బీపీ. ఇద్దరు పిల్లలు. పెళ్లయ్యాక ఒకట్రెండు రోజులు ఉందామని అనుకుంటున్నాం.

నెట్‌లో వెతికితే పండరిపురం, తుల్జాపూర్, అక్కల్‌కోట్, గాణగాపూర్ అన్నీ ఒకే రోజులో తిప్పేస్తామనే కార్ల వాళ్లే కనిపిస్తున్నారు. ఊరి గురించి మాత్రం సిద్ధేశ్వర్ గుడి, కోట అని రెండు ముక్కలు రాసి వదిలేస్తారు. మా ఆయన అయితే ఆ ఊళ్లో చద్దర్లు తప్ప ఏముంది, పెళ్లి చూసుకుని అదే రాత్రి బయల్దేరదాం అంటున్నాడు. నిజంగా అంతేనా? ఎండలు మాకూ కొత్త కాదు కానీ అక్కడ నీళ్ల కరువు కూడా ఉంటుందంటారు కదా, అది కాస్త టెన్షన్. మాకు మరాఠీ వచ్చు, అమ్మకు తెలుగు తప్ప రాదు. చద్దర్లు ఎక్కడ కొనాలో కూడా చెప్పండి.

పూర్వభాగ్‌వాలా

అమ్మగారి సంగతి ముందు చెప్తాను, అన్నిటికంటే తేలిక అదే. మీరు దిగేది పూర్వభాగ్‌లో, అంటే ఊరి తూర్పు వైపు. అశోక్ చౌక్, కన్నా చౌక్, భద్రావతి పేఠ్, దాజీ పేఠ్, దత్త్ నగర్, ఈ వైపంతా తెలుగు ఇళ్లే ఎక్కువ. కిరాణా కొట్లో, ఆటోలో, మందుల షాపులో తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు వస్తుంది. మా మాటలో మరాఠీ, కన్నడం కలిసిపోయి ఉంటాయి, బోర్డులన్నీ మరాఠీలో ఉంటాయి, ఈ తరం పిల్లల్లో తెలుగు మాట్లాడేవాళ్లే గానీ చదవగలిగేవాళ్లు తక్కువ. అయినా మీ అమ్మగారు మా వీధిలో ఏ అరుగు మీద కూర్చున్నా పక్కన ఇంకో ముసలమ్మ చేరి ఏ ఊరు, ఎవరి పిల్లవు, ఇంటిపేరేంటి అని మొదలుపెడుతుంది. సగం మంది కరీంనగర్ వైపు చుట్టరికాలు తీస్తారు.

ఎండ గురించి. మే మొదటి వారం అంటే 41, 42, ఒక్కోసారి 43 కూడా. సహ్యాద్రి అవతలే వాన కురిసిపోతుంది కాబట్టి మాకు మిగిలేది పొడి గాలి. చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది, అందుకే ఒంట్లో నీళ్లు ఎంత పోతున్నాయో తెలియదు. బీపీ మాత్రలు వేసుకునే వాళ్లు దాహం వేసేదాకా ఆగకూడదు. అయితే ఈ పొడి గాలి వల్లే కూలర్ ఇక్కడ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, హైదరాబాద్ చుట్టాలు ఏసీ లేదని మొహం ముడుచుకుని వచ్చి కూలర్ ముందు దుప్పటి కప్పుకుని పడుకుంటారు. ఊరు 450 మీటర్ల ఎత్తుకు పైనే ఉంది, రాత్రి పొద్దుపోయాక గాలి తిరుగుతుంది.

కాబట్టి ఇక్కడ రోజు రెండు ముక్కలు. తెల్లవారి ఐదున్నర నుంచి పది దాకా ఒకటి, సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా ఇంకొకటి. మధ్యలో తలుపులు వేసుకుని పడుకోవడమే. మధ్యాహ్నం పన్నెండింటికి గుళ్లు, కోటలు తిరుగుదామనుకునే వాళ్లే తర్వాత వచ్చి ఆ ఊళ్లో ఏమీ లేదని రాస్తారు.

లాడ్జి తీసుకుంటే ఏసీ కంటే ముందు నీళ్ల సంగతి అడగండి. ఊరికి నీళ్లు భీమా మీది ఉజనీ డ్యామ్ నుంచి వంద కిలోమీటర్లు దాటి పైపులో రావాలి. ఇళ్లలో నల్లా రోజూ రాదు, కొన్ని రోజులకొకసారి వస్తుంది. మీ మేనత్త ఇంట్లోనే దిగుతుంటే నల్లా వచ్చే రోజు ఏదో కనుక్కోండి, ఆ రోజు ఇంట్లో ఆడవాళ్లెవరూ మీతో బయటికి రారు.

ఊళ్లో చూడాల్సింది నా లెక్కలో ఈ పేఠ్‌లే. పేష్వాల కాలం నుంచీ తెలంగాణ వైపు నుంచి పద్మశాలీలు ఇక్కడికి వస్తూనే ఉన్నారు, కరువులొచ్చినప్పుడు ఇంకా ఎక్కువ మంది వచ్చారు. 1877లో మొదలైన పాత మిల్లు, మేం జూనీ గిర్ణీ అంటాం, దాంతో ఊరు మిల్లుల ఊరైంది. మిల్లులు మూతపడ్డాయి, పవర్‌లూమ్ కార్ఖానాలు మిగిలాయి. పొద్దున్నే దాజీ పేఠ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లి, అక్కడి నుంచి సందుల్లో నడిస్తే గోడ అవతల మగ్గాల చప్పుడు వింటూనే ఉంటారు, అరుగుల మీద చేటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు కనిపిస్తారు. సిద్ధేశ్వర్ పేఠ్‌లో మా మార్కండేయ గుడి ఉంది, రాఖీ పున్నమికి రథం తీస్తారు, ఆ రోజు పూర్వభాగ్ చూడాలి మీరు. మేలో అది దొరకదు లెండి.

సిద్ధేశ్వర్ గుడి ఎలాగూ చూడాల్సిందే, చెరువు మధ్యలో ఉంటుంది, పన్నెండో శతాబ్దపు సిద్ధరామేశ్వరుడి చోటు. ఊరి చుట్టూ ఆయన ప్రతిష్ఠించిన 68 లింగాలు ఉన్నాయని చెప్తారు. ఏడు ముందే వెళ్లిపోండి. మధ్యాహ్నం ఆ బండల మీద చెప్పుల్లేకుండా పది అడుగులు వేయలేరు, మోకాళ్ల నొప్పులున్న మనిషి పరుగెత్తనూ లేదు. పక్కనే భుయీకోట్ కోట, అక్కడ చెట్ల నీడ ఉంది, పిల్లలు ఆడుకుంటారు.

జకార్డ్_చద్దర్

పైన చెప్పినదాంట్లో ఒకటి కలుపుతా. కార్ఖానాల్లోకి ఊరికే దూరి వీడియోలు తీయొద్దు. లోపల పనిచేసే వాళ్లకు ముక్కకు ఇంత అని కూలీ, మీతో మాట్లాడుతూ నిలబడితే వాళ్ల సంపాదన పోతుంది. పెళ్లివాళ్లలో ఎవరికో ఒకరికి కార్ఖానా ఉంటుంది, వాళ్లతోనే వెళ్లండి, సుట్టీ (సెలవు) ఏ రోజో ముందే అడగండి. బీడీలు చుట్టే అమ్మల ఫొటోలు కూడా అంతే, అడక్కుండా తీయొద్దు.

ఇక చద్దర్లు. షోలాపూర్ చద్దర్‌కూ, టర్కీ టవల్‌కూ రెండింటికీ జీఐ గుర్తింపు ఉంది, అంటే ఈ ఊరి సరుకుకే ఆ పేరు చెల్లుతుందని. అయినా ఎక్కడెక్కడో నేసిన సరుకు ఈ ఊరి పేరుతో అమ్ముతారు, స్టేషన్ ముందు, హైవే పక్కన గుట్టలు పోసి రెండు కొంటే ఒకటి ఫ్రీ అనే వాళ్ల దగ్గర అసలు కొనొద్దు. మంచి జకార్డ్ చద్దర్ తిప్పి చూస్తే అదే డిజైన్ రంగులు తారుమారై కనిపిస్తుంది, ఎందుకంటే డిజైన్ అచ్చు వేసింది కాదు, నేతలోనే వచ్చింది. ఒకవైపే రంగుండి వెనక వెలవెలబోతే అది అచ్చు. రెండోది బరువు. ధర అడిగే ముందు బరువు అడగండి, రెండు చద్దర్లు చూడ్డానికి ఒకేలా ఉన్నా నూలు తక్కువ వేసింది చేతిలోకి తీసుకోగానే తెలిసిపోతుంది. ముట్టుకుంటే జారిపోతూ మరీ నునుపుగా ఉంటే పాలిస్టర్ కలిపారని. అసలు నూలు చద్దర్ కొత్తలో కొంచెం గరుకుగానే ఉంటుంది, ఉతికే కొద్దీ మెత్తబడుతుంది. మొదటిసారి విడిగా ఉతకండి, రంగు కాస్త దిగుతుంది.

చాటీ గల్లీలో దుకాణాలు బోలెడు, బేరం ఆడాలి. అక్కల్‌కోట్ రోడ్ ఎంఐడీసీ పారిశ్రామికవాడలో మిల్లుల వాళ్ల సొంత షాపులున్నాయి, ధర పలకమీద రాసి ఉంటుంది, బేరం పెద్దగా ఉండదు కానీ సరుకు నమ్మొచ్చు. అక్కల్‌కోట్ వెళ్లే పని ఉంటే తిరిగొచ్చేటప్పుడు ఆగండి, అదే దారి. నెమలి డిజైన్ అడగండి, పాతది, ఇంకా అదే ఎక్కువ అమ్ముడుపోతుంది.

లాతూర్_రోడ్

దెగ్లూర్ నుంచి మీరు ఉద్గీర్, లాతూర్, ఔసా మీదుగానే వస్తారు కదా, అలా వస్తే తుల్జాపూర్ దారిలోనే తగులుతుంది, షోలాపూర్‌కు 45 కిలోమీటర్ల ముందే. భవానీ దర్శనం వచ్చేటప్పుడే చేసుకుంటే దానికోసం మళ్లీ వెనక్కి రానక్కర్లేదు. మంగళవారం, శుక్రవారం, పున్నమి మాత్రం తప్పించుకోండి, క్యూ ఎక్కడికి పోతుందో చెప్పలేం. గుడిలోకి మెట్లు దిగి వెళ్లాలి, అమ్మగారికి ఆ మెట్లే కష్టం, తీరిగ్గా దిగనివ్వండి.

నాలుగు క్షేత్రాలు ఒకే రోజులో అనే ప్యాకేజీ ముసలివాళ్లతో మేలో చేయొద్దు. ఆ కార్ల వాళ్ల లెక్కలో దర్శనానికి అరగంట, భోజనానికి పావుగంట. అక్కల్‌కోట్ ఒక్కటీ పొద్దున్నే వెళ్లి రావొచ్చు, 40 కిలోమీటర్లు, గురువారం కాకుండా వెళ్తే స్వామి సమర్థ దర్శనం తొందరగా అవుతుంది. అన్నఛత్రంలో మధ్యాహ్నం మహాప్రసాదం తినేసరికి ఎండ ముదురుతుంది గానీ, కారులో వచ్చేయొచ్చు. బస్సైతే ఎస్టీ స్టాండ్ నుంచి తరచుగా ఉంటాయి, ఆడవాళ్లకు సగం టికెట్టే.

నల్దుర్గ్ కోట గురించి ఎవరైనా చెప్తే ఈసారికి వదిలేయండి. ఇబ్రహీం ఆదిల్ షా 1613లో బోరీ నది మీద కట్టించిన పానీ మహల్ చాలా గొప్ప పని, కాదనను, కానీ దాని మీద నుంచి నీళ్లు దూకేది వానాకాలంలో. మేలో ఎండిన గోడ, నెత్తిన సూర్యుడు.

గిర్ణీ_మనవడు

మీ ఆయన అన్నదానికి నా జవాబు. 1930 మేలో, అంటే మీరు వచ్చే నెలలోనే, గాంధీ అరెస్టయ్యాక ఇక్కడ మిల్లు కార్మికులు పని ఆపేశారు. కాల్పులు జరిగాయి, అధికారులు ఊరు వదిలి పోయారు, కొన్ని రోజులు ఊరిని జనమే నడిపారు. తర్వాత మార్షల్ లా పెట్టారు. మల్లప్ప ధనశెట్టి, శ్రీకిసన్ సార్డా, జగన్నాథ్ శిందే, కుర్బాన్ హుసేన్, ఈ నలుగురినీ 1931 జనవరి 12న యెరవాడ జైల్లో ఉరి తీశారు. చార్ హుతాత్మా విగ్రహాలు ఊరి మధ్యలోనే ఉన్నాయి, సాయంత్రం అటు వెళ్లినప్పుడు పిల్లలకు చూపించండి. చైనా వెళ్లి యుద్ధంలో గాయపడ్డవాళ్లకు వైద్యం చేసి అక్కడే 1942లో చనిపోయిన డాక్టర్ కోట్నీస్ కూడా ఈ ఊరివాడే, ఆయన ఇల్లు స్మారకం చేశారు. చద్దర్లు తప్ప ఏమీ లేదంటే నాకు కోపం వస్తుంది, ఏమనుకోకండి.

తిండి ఎవరూ రాయలేదేంటి? కడక్ భాకరి, శేంగా చట్నీ తినకుండా వెళ్లొద్దు. జొన్నరొట్టెను అప్పడంలా గట్టిగా ఆరబెట్టినదే కడక్ భాకరి, రోజుల తరబడి పాడవదు, ప్యాకెట్లలో అమ్ముతారు. వేరుశనగ చట్నీ పొడిది, రోట్లో నూనె ఊరేదాకా దంచింది కొనండి, మిక్సీలో తిప్పిన పొడి కాదు. పెరుగు వేసుకుని తింటే ఎండకాలం అన్నం గుర్తురాదు. మంగళ్‌వేఢా జొన్నలు దొరికితే ఇంటికి కూడా పట్టుకెళ్లండి. సాయంత్రం నవీ పేఠ్ వైపు వెళ్తే రసవంతిలో చెరుకురసం, పిల్లలకు ఐస్ వేయించకండి, ఆ ఐస్ ఏ నీళ్లదో ఎవరికి తెలుసు.

దెగ్లూర్_అమ్మాయి

అందరికీ థ్యాంక్స్. మా ఆయనకు చదివి వినిపించాను, కుర్బాన్ హుసేన్ దగ్గర కాస్త మెత్తబడ్డాడు. తుల్జాపూర్ వచ్చేటప్పుడే అని ఖాయం చేశాం. చిక్కేంటంటే అమ్మ పండరిపురం చూడకుండా కదలనంటోంది, విఠోబాను చూడాలని ఎప్పటినుంచో. 70 కిలోమీటర్లు అని చూపిస్తోంది. ఈ ఎండలో క్యూలో నిలబడగలదా? ఇంకా పిల్లలు గుళ్లంటే పారిపోతున్నారు, వాళ్లకేదైనా చెప్పండి.

పూర్వభాగ్‌వాలా

పెద్దవాళ్లు విఠోబా అన్నాక కాదనకండి, తీసుకెళ్లండి. అక్కడ రెండు రకాలు. పాదాలు ముట్టుకునే పదస్పర్శ దర్శనానికి క్యూ పొడుగు, గంటలు పట్టొచ్చు. ముఖదర్శనం అయితే దూరం నుంచి చూసి వచ్చేస్తారు, తొందరగా అవుతుంది. ఏకాదశి రోజు మాత్రం వద్దు. షోలాపూర్‌లో నాలుగింటికి బయల్దేరితే ఎండ రాకముందే అయిపోతుంది. ఆమె పాదాలే ముట్టుకోవాలంటే ముందు అక్కడి సిబ్బందిని అడిగి క్యూ ఎంతుందో తెలుసుకుని అప్పుడు నిర్ణయించుకోండి, క్యూలో చేరాక మధ్యలో బయటికి రావడం కష్టం. అటు వెళ్లిన రోజు అక్కల్‌కోట్ పెట్టుకోవద్దు.

మాళ్‌రాన్

పిల్లలకు నన్నజ్. ఊరి నుంచి బార్శీ రోడ్డు మీద, మాళ్‌ఢోక్ అభయారణ్యం. మాళ్‌ఢోక్ అంటే మన బట్టమేక పిట్ట, అది ఇప్పుడు దాదాపు కనిపించదు, దానికోసమని పిల్లలకు ఆశ పెట్టకండి. కృష్ణజింకలు మాత్రం గుంపులుగా కనిపిస్తాయి, అదృష్టం ఉంటే తోడేలు కూడా. అడవి అనుకుని వెళ్తే నిరాశ పడతారు, చెట్లుండవు, గడ్డి మైదానమే, మేలో అది కూడా ఎండి పసుపుపచ్చగా ఉంటుంది, నాకైతే ఆ రంగే ఇష్టం. తెల్లవారుతుండగా అక్కడ ఉండాలి, ఎనిమిదిన్నరకు వెనక్కి తిరగాలి. టోపీ, నీళ్లు మీరే పట్టుకెళ్లండి, అక్కడ కొనడానికి ఏమీ దొరకదు. పండరిపురం మర్నాడు పెట్టుకుంటే వరుసగా రెండు రోజులు తెల్లవారుజామునే లేవాలి, కాబట్టి నన్నజ్‌కు మీ ఆయన్నీ పిల్లల్నీ పంపించి అమ్మగారిని ఆ పూట పడుకోనివ్వండి.