పిల్లలకు క్రిస్మస్ కానుకలు ఎక్కువైపోయాయి, విలువ ఎలా తెలియజెప్పాలి?

ప్రశ్న (ఇద్దరు పిల్లల తల్లి, హైదరాబాద్)
అందరికీ వందనాలు. మాకు తొమ్మిదేళ్ల బాబు, ఆరేళ్ల పాప. పోయిన క్రిస్మస్‌కు అమ్మమ్మ, తాతయ్య, మేనమామలు, సంఘంలోని స్నేహితులు తలా ఒకటి ఇవ్వగా ఇంట్లో పదకొండు కానుకలు చేరాయి. ఆరాధన నుంచి రాగానే పాప కాగితాలన్నీ చించి, చివరి పెట్టె కూడా విప్పి, నా ముఖంలోకి చూసి "ఇంతేనా?" అన్నది. ఆ అలవాటు చేసింది మేమే కనుక నాకు కోపం కంటే సిగ్గే ఎక్కువ కలిగింది. గుంటూరు దగ్గర మా పల్లెలో పండుగంటే ఒక కొత్త గౌను, అరిసెలు, వెదురు బద్దలకు రంగు కాగితాలు అంటించి నాన్న కట్టిన నక్షత్రం. అయితే "మా చిన్నప్పుడు" అని మొదలుపెట్టగానే బాబు లేచి వెళ్లిపోతున్నాడు. పెద్దలను నొప్పించకుండా, పండుగ కళ తగ్గకుండా దీన్ని ఎలా మార్చుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయురాలు, నరసరావుపేట)
అమ్మా, మా సంఘంలో స్త్రీలు ఇప్పటికీ పిడికెడు బియ్యం తీస్తారు. ఎసట్లో పోసే ముందు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు వేరే డబ్బాలో వేసి, ఆదివారం మందిరానికి తీసుకువెళ్లడమే ఆ పద్ధతి. నిరుడు క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల ఆగమన కాలంలో ఆ పని నా మనవరాలికి అప్పగించాను. మొదటిరోజు పిడికిలి పట్టి, కాసేపు ఆలోచించి, సగం గింజలు మళ్లీ గిన్నెలోకి జార్చి, "మనకు చాలదేమో నాయనమ్మా" అన్నది. నేనేమీ అనలేదు. రెండో వారానికల్లా తన చెయ్యి చిన్నదని తనే లెక్క వేసుకుని రెండు పిడికిళ్లు వేయసాగింది. ఆ బియ్యం ఎవరింటికి వెళ్తుందో మాత్రం ఆమెకు చూపించలేదు, ఎందుకంటే సాయం అందుకునేవారిని మన పిల్లల పాఠానికి బొమ్మలుగా నిలబెట్టడం నాకు నచ్చదు.

కానుకల విషయానికి వస్తే, అన్నీ ఒక్కపూటే ఎందుకు విప్పాలి? తూర్పు దేశపు జ్ఞానులు కానుకలతో వచ్చి శిశువైన యేసును దర్శించిన సంగతిని జనవరి 6న స్మరిస్తాము కదా. అప్పటివరకు రోజుకొకటి విప్పించండి. ఇచ్చినవారితో ఫోన్‌లో మాట్లాడిన తరువాతే రెండోది.

జవాబు (ఒక తండ్రి, విజయవాడ)
మీ బాబుకు లూకా సువార్త 2వ అధ్యాయం 24వ వచనం చదివించండి. బాలయేసును దేవాలయానికి తెచ్చినప్పుడు బలికి చెప్పినది గువ్వల జత లేక రెండు పావురపు పిల్లలు. గొర్రెపిల్లను తేలేనివారికి ధర్మశాస్త్రం ఇచ్చిన వెసులుబాటు అది, లేవీయకాండము 12వ అధ్యాయంలో ఉంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివాక మా వాడు "అయితే వాళ్ల దగ్గర డబ్బుల్లేవా?" అని అడిగాడు. పశువుల పాకను ఏటా దూదితో, మెరుపు కాగితాలతో అలంకరిస్తూ వచ్చిన మాకు ఆ ప్రశ్న కాస్త గట్టిగానే తగిలింది.

మీకు మెదక్ దగ్గరే కనుక అక్కడి చర్చికి కూడా తీసుకువెళ్లండి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ మందిరం మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో, కరువు కాలంలో ఆకలిగొన్నవారికి పని, తిండి దొరికేలా కట్టినది. పండుగనాడు మాత్రం వద్దు, ఆ జనసందోహంలో పిల్లలకు ఏమీ కనిపించదు.

జవాబు (పేరు చెప్పని సభ్యురాలు)
పాప పదకొండు పెట్టెలు విప్పింది సరే, ఆ పండుగకు మనం ఎన్ని చీరలు కొన్నామో కూడా ఒకసారి లెక్కపెట్టుకుందాం.

ప్రశ్న అడిగిన తల్లి
నావి మూడు చీరలండీ, ఒప్పుకుంటున్నాను. ఈసారి ఒక్కటే కొంటాను. టీచరుగారూ, బియ్యం డబ్బా నిన్ననే పెట్టాము. బాబు దానికి మూత ఎందుకని అడిగి తీసేశాడు, ఎంత నిండిందో కనిపించాలట. మా అమ్మకు ఫోన్ చేసి, పిల్లలిద్దరికీ కలిపి ఒకే కానుక ఇవ్వమని బతిమాలాను. కాసేపు మౌనంగా ఉండి, "అయితే అరిసెలు ఇంకో డబ్బా ఎక్కువ పంపుతానులే" అన్నది. దానికి మాత్రం నేను అడ్డు చెప్పలేదు.