సమస్యాపూరణం: నీటి బుడ్డిలోన నిప్పు పుట్టె

నిర్వాహకుడు

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ముందు మూడు పాదాలూ మీరు రాసి, పొసగనట్టు కనిపించే ఈ మాటను పొసిగేట్టు చెయ్యడమే పూరణ:

*నీటి బుడ్డిలోన నిప్పు పుట్టె*

ఐదూ సూర్యగణాలే (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు). యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొంతన, నీ–ని. పూరణ పాత సినిమా సరదాల మీదో, తీర్థాల్లో అమ్మే ఆటబొమ్మల మీదో, అభిమానులు సొంత చేత్తో చేసే వస్తువుల మీదో ఉండాలి. ఇంకో షరతు: పద్యంలో చెప్పిన వస్తువు నిజంగా పనిచెయ్యాలి. గణాలు కిట్టినా గోడ మీద బొమ్మ పడకపోతే మార్కులు రావు. బడబాగ్ని (సముద్రంలో ఉంటుందని చెప్పే నిప్పు) జోలికి పోవద్దు, అవధానాల్లో అరిగిపోయిన దారి అది. గ్లాసులో నీళ్ళ మీద నూనె తేల్చి వత్తి వెలిగించే పూరణలు అప్పుడే కొన్ని వచ్చాయి. బాగానే ఉన్నాయి గానీ విషయానికి దూరం, పక్కన పెట్టాను.

రీలుముక్క

ఫ్యూజు పోయినట్టి బుడ్డి బల్బును దెచ్చి
నీరు నింపి రీలు నిలువఁ బట్ట
లంక కాల్చు తోక లక్షణమ్ముగఁ దోఁచె
నీటి బుడ్డిలోన నిప్పు పుట్టె

చీకటి గది, బయట ఎండలో అద్దం, మధ్యలో రీలు ముక్క, దాని ముందు నీళ్ళ బల్బు. ఆ రీలు లంకాదహనం సీనుదైతే నీళ్ళలోంచి మంట గోడెక్కుతుంది.

ఛందోబద్ధుడు

ఎత్తుగడ దివ్యంగా ఉందండీ. మొదటి పాదం విప్పితే ఫ్యూజు, పోయి, నట్టి మూడూ హగణాలు (గురువు-లఘువు). తర్వాత ‘బుడ్డిబల్’ రగణం, ‘బును దెచ్చి’ సలం. ఫ్యూ–బు యతి కూడా సరే.

చిక్కల్లా ‘నిలువఁ బట్ట’ దగ్గర. నీళ్ళ బల్బు కుంభాకార కటకం పని చేస్తుంది. రీలును నిలువుగా పడితే గోడ మీద హనుమంతుడు తలకిందులౌతాడు, తోక మంట కిందికి కారుతుంది. అందుకని బొమ్మ తల కిందికి ఉండేట్టు పట్టాలి:

*నీరు నింపి బొమ్మ నెత్తి దించ*

యతి నీ–నె, ఇబ్బంది లేదు. అలా తిప్పితే కుడి ఎడమలు కూడా వాటంతటవే సర్దుకుంటాయి. అప్పటికీ టైటిలు అక్షరాలు అద్దంలో చూసినట్టు కనపడుతున్నాయంటే రీలు వెనక వైపు ముందుకి పట్టారన్నమాట.

కోటిపల్లి రేవు

పద్యంలో ఇమడని పనితనం నేను చెబుతాను, చేసేవాళ్ళకి పనికొస్తుంది.

పాత ఫిలమెంటు బల్బే కావాలి, లోపల తెల్లపూత లేనిది. ఎల్‌ఈడీ బల్బు బుర్ర ప్లాస్టిక్కు, అక్కరకు రాదు. బల్బును మందపాటి గుడ్డలో చుట్టి, కింద సీసం చుక్కలున్న చోట ఉండే నల్లగాజును సన్న స్క్రూడ్రైవరుతో పొడిచి రాల్చాలి. తర్వాత లోపలి గాజుకాడను విరిచి ఫిలమెంటుతో సహా బయటికి లాగాలి. ఇత్తడి టోపీని తియ్యొద్దు. తీస్తే మెడ దగ్గర గాజు చిట్లుతుంది, పైగా వేలాడదియ్యడానికి దారం కట్టేది ఆ టోపీకున్న రెండు పిన్నులకే.

నీళ్ళు కాచి చల్లార్చి మెడదాకా పొయ్యాలి. పచ్చినీళ్ళలో కరిగున్న గాలి కాసేపటికి బుడగలై గాజుకి అంటుకుంటుంది, అవి తెరమీద నల్లచుక్కల్లా కనపడతాయి. వరద రోజుల్లో కాలవ నీళ్ళయితే పటిక తిప్పి తేర్చాకే వాడాలి.

ఇక దూరాలు. మామూలు బల్బు అడ్డం 60 మిల్లీమీటర్లు. నీళ్ళు నింపాక దాని నాభి (ఎండ కిరణాలు కలిసే చోటు) గాజు దాటి 30 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది. కాబట్టి రీలును గాజుకి 31 మిల్లీమీటర్ల దూరంలో పెడితే 3 మీటర్ల అవతల గోడ మీద బొమ్మ కుదురుతుంది. 22 మిల్లీమీటర్ల ఫ్రేము మీటరు పైచిలుకు వెడల్పవుతుంది. ఒక్క మిల్లీమీటరు జరిగినా మసకే. రీలును చేత్తో పట్టుకుంటే అది నిలవదు, అట్టముక్కకి 22×16 మిల్లీమీటర్ల కిటికీ కోసి అందులో బిగించండి. అంచులు అలుక్కుపోతాయి, గుండ్రటి కటకంతో అది తప్పదు. నల్లకాగితానికి 10 మిల్లీమీటర్ల రంధ్రం చేసి బల్బుకి అంటిస్తే పదును వస్తుంది గానీ వెలుతురు తగ్గుతుంది. సూర్యుడు నాలుగు నిమిషాలకి ఒక డిగ్రీ జరుగుతాడు కనక అద్దం దగ్గర ఒకళ్ళు కూర్చుని సర్దుతూ ఉండాలి. గెడ్డం గీసుకునే పుటాకార అద్దం మాత్రం వాడకండి, వేడి ఒకేచోట పోగై రీలు ముడుచుకుపోతుంది.

స్కోపు (వెడల్పు తెర) సినిమా ముక్క దొరికితే మనుషులంతా వెదురుబద్దల్లా కనిపిస్తారు. అది బల్బు తప్పు కాదు. స్కోపులో బొమ్మను అడ్డంగా సగానికి నొక్కి ముద్రిస్తారు, థియేటర్లో అనమార్ఫిక్ లెన్సు మళ్ళీ సాగదీస్తుంది. తెలుగులో 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’ తొలి స్కోపు చిత్రం. అంతకు ముందటి తెలుగు రీలైతే ఈ బెడద ఉండదు.

ఛందోబద్ధుడు

ఇంకో హెచ్చరిక. 1950ల మొదటి వరకూ రీళ్ళలో నైట్రేటు వాడేవారు. అంత పాత ముక్క చేతికొస్తే ఎండలోకి తేవద్దు. దానికి అంటుకుందంటే నీళ్ళలో ముంచినా ఆరదు, నిప్పు గోడ మీద కాక చేతిలోనే పుడుతుంది. రెండోది: నీళ్ళు నింపిన బల్బును కిటికీలో వదిలేసి వెళ్ళకండి. 30 మిల్లీమీటర్ల దూరంలో కాగితమో కర్టెనో ఉంటే సమస్య ఏ పూరణా లేకుండానే నిజమైపోతుంది.

పులస

రాయి ముక్క మీద రాలఁగఁ జుక్కలు
గ్యాసు పొంగి సన్న గాలి వోలె
మూతి కడకు రాఁగ ముట్టించె నొక్కఁడు
నీటి బుడ్డిలోన నిప్పు పుట్టె

కరెంటు లేని రోజుల్లో ఊరేగింపులకీ నాటకాల పందిళ్ళకీ వాడిన కార్బైడు దీపం ఇది. పై గదిలో నీళ్ళు, కింది గదిలో కార్బైడు.

ఛందోబద్ధుడు

నడక బాగుంది. కానీ ‘రాయి ముక్క’ అంటే ఏ రాయనుకోవాలి? ఇవాళ కార్బైడంటే మామిడికాయలు మగ్గబెట్టేదనే జనానికి తెలుసు. పేరు పెట్టి చెబితేనే విరోధం విడుతుంది:

*కారుబైడు మీదఁ గారఁగఁ జుక్కలు*

కా–గా యతి. ఇప్పుడు పద్యం తన కాళ్ళ మీద తాను నిలబడింది.

‘చుక్కలు’ అన్నమాట మాత్రం బంగారం, దాన్ని కదపొద్దు. నీళ్ళు ధార కడితే ఎసిటిలీన్ ఒక్కసారిగా తన్నుకొచ్చి మంట జానెడు లేస్తుంది, బుడ్డి వేడెక్కుతుంది. పైనున్న మర అర చుట్టు తిప్పితే చాలు. మొదట వచ్చే గ్యాసులో గాలి కలిసి ఉంటుంది, దాన్ని బయటికి పోనిచ్చాకే అగ్గిపుల్ల గియ్యాలి. లేకపోతే మంట వెనక్కి తన్ని టోపీ ఎగిరిపోతుంది. పాత దీపానికి గొట్టం మారుద్దామని రాగిగొట్టం తగిలించకండి, ఎసిటిలీన్‌తో కలిసి రాగి పేలుడు పదార్థమవుతుంది. వెల్లుల్లి కంపు కొడితే కంగారొద్దు, కార్బైడులోని మలినాల వాసన అది. లోపల మిగిలే తెల్లటి ముద్ద సున్నం.

లంకల తూము

తీర్థమందుఁ గొన్న టికుటికు పడవకు
వత్తి పెట్టి నీరు వంచి పోసి
అడుగు మంట మండ నా యావిరికి దూకె
నీటి బుడ్డిలోన నిప్పు పుట్టె

జగ్గన్నతోట తీర్థం లాంటి చోట్ల బేసిన్‌లో గిరగిరా తిప్పి అమ్మే రేకు పడవండి ఆయ్!

ఛందోబద్ధుడు

రెండు దోషాలు. మొదటి పాదంలో తీ–టి యతి చెల్లదు, త ట వర్గాలకి మైత్రి లేదు. ‘తీరైన పడవకు’ అంటే సరిపోతుంది గానీ టికుటికు మోత పోతుంది, అది నాకూ బాధే. రెండోది పెద్దది: మీరే ‘అడుగు మంట’ అన్నారు. మంట బుడ్డి కిందుంటే ‘లోన’ ఎలా పుట్టింది? సమస్య పాదం అతికింది గానీ విడలేదు.

పూతరేకు

క్రమాలంకారంలో పెడితే విడుతుంది కదండీ. ప్రశ్నలు పైన, జవాబులు వరసగా ఆఖరి పాదంలో:

ఆవిరెవరి బిడ్డ? యడుగున వెలిఁగెడి
వత్తి యెచట నుండె? పడవ బొమ్మ
కదలుటకును ముందు కలిగిన దేమిటి?
నీటి, బుడ్డిలోన, నిప్పు పుట్టె

ఇక్కడ బుడ్డి అంటే పడవ కింద పెట్టే చిన్న దీపపు బుడ్డి.

ఛందోబద్ధుడు

భేష్! ‘నీటి’ని షష్ఠిలోనే ఉంచి ‘ఎవరి బిడ్డ’కి జవాబు చేశారు, అక్కడే ఉంది పనంతా. యతులన్నీ కుదిరాయి. రెండో పాదంలో వ–ప కూడా సమ్మతమే.

కోటిపల్లి రేవు

లంకల తూము గారి పద్యంలో ‘నీరు వంచి పోసి’ సరైన మాటే, కాకపోతే వరస తిరగబడింది. నీళ్ళు ముందు, వత్తి తర్వాత. పడవ వెనక రెండు గొట్టాలుంటాయి. ఒకదాంట్లో నీళ్ళు పోస్తే రెండోదాంట్లోంచి కారే దాకా నింపి, రెండు మూతులూ వేళ్ళతో మూసి నీళ్ళలో దించాలి. ఖాళీ డబ్బా కింద దీపం పెడితే అతుకులో ఉన్న టంకం కరిగిపోతుంది, పడవ పని అంతటితో సరి.

ఇది నడిచే తీరు చిత్రంగా ఉంటుంది. డబ్బాలో నీరు చటుక్కున ఆవిరై గొట్టాల్లో నీటిని వెనక్కి తన్నుతుంది. ఆ ఆవిరి చల్లారగానే డబ్బా మళ్ళీ నీటిని పీల్చుకుంటుంది. మరి పీల్చినప్పుడు పడవ వెనక్కి రావాలి కదా? రాదు. బయటికి తన్నేటప్పుడు నీరు సూటిగా ధారగా పోతుంది, లోపలికి వచ్చేటప్పుడు చుట్టుపక్కల అన్ని దిక్కుల నుంచీ చేరుతుంది. ఆ తేడాతోనే పడవ ముందుకు పోతుంది. డబ్బా మీది పల్చటి ఇత్తడిరేకు ప్రతిసారీ ఉబ్బి తగ్గడమే ఆ టికుటికు. ఈ బొమ్మకి బ్రిటన్‌లో 1891 నాటి పేటెంటు ఉంది. మంట పెద్దదైతే వేగం పెరుగుతుందనుకుంటారు గానీ, డబ్బా మొత్తం వేడెక్కితే ఆవిరి చల్లారదు, పడవ ఆగిపోతుంది. గోరంత వత్తి చాలు.

వశిష్ఠ గట్టు

వీరభక్తుఁడొకఁడు వెండితెరకు మొక్కి
గాజు సీస నింపె గాలి లేక
యెర్ర తళుకు చల్లి యెల్లీడి వెలిగించె
నీటి బుడ్డిలోన నిప్పు పుట్టె

అభిమాన హీరో బొమ్మని సీసాలో నిలబెట్టి, నీళ్ళలో ఎర్ర తళుకులు తేల్చి, అడుగున లైటు పెట్టే షోపీసు.

ఛందోబద్ధుడు

‘యెల్లీడి’ని పండితులు ఒప్పుకోకపోవచ్చు, కొట్లో అడిగే మాట అదే కాబట్టి నాకు అభ్యంతరం లేదు. ‘గాలి లేక’ యతి కోసం వచ్చిన మాట కాదు, నిజంగా ఉండాల్సిన మాట. బుడగ మిగిలితే అది హీరో ముఖం మీదే వచ్చి నిలుస్తుంది.

కోటిపల్లి రేవు

ఇందులో నలుగురూ పొరబడేది బొమ్మ కొలత. గుండ్రటి సీసాలో నీళ్ళుంటే మధ్యలో పెట్టిన బొమ్మ అడ్డంగా మూడో వంతు లావుగా కనిపిస్తుంది, ఎత్తు మాత్రం అంతే. హీరో ఒళ్ళు చేసినట్టు కనపడితే అభిమానులు ఊరుకుంటారా? వెడల్పును నాలుగింట మూడు వంతులకి తగ్గించి ప్రింటు తియ్యండి. ఇంక్‌జెట్ ప్రింటు కరిగిపోతుంది కాబట్టి లామినేషన్ తప్పనిసరి, చుట్టూ 5 మిల్లీమీటర్ల అంచు వదలాలి. అంచుదాకా కోస్తే కాగితం నీళ్ళు పీలుస్తుంది.

డిస్టిల్డ్ వాటర్ రెండు పాళ్ళు, గ్లిసరిన్ ఒక పాలు. గ్లిసరిన్ ఎక్కువైతే తళుకులు దిగవు, లేకపోతే టక్కున పడిపోతాయి. తళుకులు పైన ముద్దకడితే గిన్నెలు తోమే ద్రావకం ఒక్క చుక్క వెయ్యండి, రెండైతే నురుగు. బొమ్మని అడుగున నిలపడానికి రెండు ట్యూబుల ఎపాక్సీ వాడాలి, తెల్ల జిగురు నీళ్ళలో వదిలేస్తుంది. ఎల్‌ఈడీని సీసా కింద దిమ్మలో పెట్టండి. నీళ్ళలో ముంచితే తీగలు చిలుమెక్కి నీరు పచ్చబడుతుంది.

పూతరేకు

నాది ఇంకోటి. రీలుముక్క గారి లంకాదహనం బ్లాక్ అండ్ వైట్‌దైతే మంట తెల్లగా ఉంటుంది కదా, నిప్పులా ఎలా తోస్తుందన్న అనుమానంతో:

నీలి రంగు వెలిసి నిలిచెను కెంపులే
పాత రీలులోని పడవరేవు
కాలువంత గూడ కాలుచున్నట్లుండె
నీటి బుడ్డిలోన నిప్పు పుట్టె

ఛందోబద్ధుడు

ఇదీ పూరణ! మిగతా పద్యాల్లో నిప్పు ఎక్కడో బయటినుంచి తెచ్చిపెట్టింది. ఇక్కడ నీళ్ళ బొమ్మే నిప్పయింది, అదీ మరో నీళ్ళ బుడ్డిలో. శాస్త్రం కూడా తిరుగులేనిదే. ఆనాటి ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో నీలిఛాయ సయాన్ రంగు అన్నిటికన్నా ముందు వెలిసిపోతుంది, ఎర్రఛాయ మెజెంటా మిగులుతుంది. అందుకే ఆకాశం, అరటితోట, గోదారి అన్నీ ఎర్రబడతాయి. మన డెల్టా ఉక్క, తేమ దానికి తోడు. ‘కాలువ–కాలు’ అనుప్రాస వెతికి పెట్టినట్టు లేదు, అది నాకు ఇంకా నచ్చింది.

కోటిపల్లి రేవు

అలాంటి ముక్కలుంటే గాలాడని డబ్బాలో బిగించి పెట్టకండి. పుల్లటి వెనిగర్ వాసన మొదలైతే ఆ ఆమ్లమే రీలును ఇంకా తినేస్తుంది. కాగితం కవర్లో, ఇంట్లో చల్లగా ఉండే గదిలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో ఉంచాలి. వాసన వచ్చిన ముక్కని మంచివాటికి దూరంగా వేరే కవర్లో పెట్టండి. పోయిన నీలిని గోడ మీద రప్పించలేం. అద్దం ముందు నీలి జిలెటిన్ కాగితం పెడితే బొమ్మంతా చీకటవుతుంది తప్ప ఆకాశం తిరిగి రాదు. స్కాన్ చేసి కంప్యూటర్లో సర్దుకోవడం ఒక్కటే దారి.

నిర్వాహకుడు

ఈ వారం మొదటి స్థానం పూతరేకు గారి రెండో పద్యానికి. క్రమాలంకారానికి ప్రత్యేక ప్రశంస. రీలుముక్క గారి పద్యం సవరించిన పాదంతోనే సంకలనంలోకి వెళ్తుంది.

వచ్చే ఆదివారానికి, మళ్ళీ ఆటవెలది నాలుగో పాదమే:

*పాట లేని రీలు పాట పాడె*

సౌండు ట్రాకు రీలు పక్కన గీతలా ముద్రించి ఉంటుందన్న సంగతి అందరికీ తెలుసు, అదొక్కటే ఆధారం చేసుకుని రాస్తే సగం మార్కులే.