చద్దన్నంలో ఐరన్ 21 రెట్లు పెరుగుతుందట. ఏడాది పొడవునా ఒంటికి ఇదొక్కటి చాలా?

వశిష్ఠ_ఒడ్డు (చర్చ మొదలుపెట్టినవారు)
మా నరసాపురం వైపు గ్రూపులన్నిట్లో ఒకటే మెసేజ్ తిరుగుతోందండి. "100 గ్రాముల అన్నంలో 3.4 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటే, 12 గంటలు నానిన చద్దన్నంలో 73.91 అవుతుంది. రోజూ తింటే నీరసం ఉండదు, ఇమ్యూనిటీ పెరుగుతుంది" అని. కింద మామూలే, పదిమందికి పంపమని. మా వీధి గ్రూపులో కషాయం పొడి డబ్బాలు మానేసి అందరం ఏడాదంతా చద్దన్నం మొదలెడదామంటున్నారు. ఆ లెక్క నిజమేనా? వానాకాలం, చలికాలం కూడా తినొచ్చా? తెలిసినవాళ్ళు చెబితే సరిచేసి గ్రూపులో పెడతాను.

కాకినాడ_కాజా
చద్దన్నం, పక్కన మాగాయ టెంక. ఆపైన ఇమ్యూనిటీ ఉంటే ఎంత, లేకపోతే ఎంతండీ.

తరవాణి_కుండ
ముందు ఏ చద్దన్నమో తేల్చుకోండి. రాత్రి మిగిలింది పొద్దున్న తినడం వేరు, తోడుపెట్టిన చద్ది వేరు, తరవాణి వేరు. మూడింటినీ ఒకే గాటన కట్టేసి ఆనక కడుపునొప్పి అంటారు.

తోడుపెట్టే చద్దికి అన్నం కాస్త మెత్తగా వండి, పళ్ళెంలో పల్చగా పరిచి గోరువెచ్చన చెయ్యాలి. పావుకిలో అన్నానికి గ్లాసుడు కాచిన పాలు, చెంచాడు పెరుగు, చీల్చిన పచ్చిమిర్చి రెండు, నాలుగు ఉల్లిపాయ ముక్కలు. వేసవిలో ఆరేడు గంటలు చాలు, ధనుర్మాసంలో పది పన్నెండు పడుతుంది. ఉప్పు పొద్దున్నే వేసుకోవాలి, రాత్రే వేస్తే తోడు మందగిస్తుంది.

తరవాణికి కుండలో చల్లారిన గంజి, గుప్పెడు అన్నం, పాత తరవాణి ఓ గరిటెడు, రెండు నిమ్మాకులు. రెండు మూడు రోజులకి పులుపెక్కుతుంది. ఆ తర్వాత రోజూ ఎంత తీస్తే అంత గంజి పొయ్యాలి. వారానికోసారి ఓ గరిటెడు పక్కకి తీసి, కుండ వేడినీళ్ళతో కడిగి ఎండలో బోర్లించాలి. ఇది మానేస్తే కుండ పాడవుతుంది.

జనం తప్పు చేసేది ఎక్కడంటే, వేడన్నం మీద మూత పెట్టేస్తారు. ఆవిరికి అన్నం గంటలకొద్దీ వెచ్చగానే ఉంటుంది. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియాకి కావలసింది అదే. వాంతులు తెప్పించే దాని విషం మళ్ళీ వేడి చేసినా చావదు. త్వరగా పుల్లబడితే అది ఎదగలేదు. తోడు వేసేది రుచికొక్కదానికే కాదు.

నీళ్ళు మాత్రం కాచి చల్లార్చినవే. కాలువ కట్టేసినప్పుడు చెరువు అడుగు నీళ్ళు, వరదప్పుడు ఎర్రనీళ్ళు వాడి, తీరా చద్దన్నాన్ని తిట్టకండి. కుళాయి నీళ్ళు క్లోరిన్ వాసన కొడుతుంటే తోడు మందగించొచ్చు కూడా. అల్యూమినియం గిన్నె, కళాయి పోయిన ఇత్తడి గిన్నె ముట్టుకోవద్దు, పులుపుకి లోహం దిగుతుంది. వాసన మజ్జిగలా ఉండాలి. వేలితో ముడితే తీగ సాగినా, గులాబీ చుక్క కనిపించినా పారబొయ్యండి. గేదె కుడితిలోకి కూడా వద్దు.

ఇంత శ్రద్ధగా చేసుకుంటే ఏడాదంతా తినొచ్చు. వేసవి కోతలకి దీన్ని మించిన టానిక్ లేదు.

లెక్కల_మాస్టారు
తయారీ బాగా చెప్పారు. అడిగిన మొదటి ప్రశ్నకి మాత్రం జవాబు రాలేదు. 3.4 మిల్లీగ్రాములు 73.91 ఎలా అవుతాయండీ? ఐరన్ మూలకం. బ్యాక్టీరియా విటమిన్ తయారు చేయగలదేమో గాని ఇనుముని పుట్టించలేదు. కుండలోకి బయటినుంచి రాకపోతే రాత్రి ఎంత ఉందో పొద్దున్న అంతే. పైగా నీళ్ళు పోశాక 100 గ్రాములకి లెక్క తగ్గాలి గాని పెరగదు.

తరవాణి_కుండ
వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు చెప్పారని ఆ మెసేజ్‌లోనే ఉంటుంది. వాళ్ళకి తెలీదా, తమరికే తెలుసా? బియ్యంలో ఫైటిక్ ఆమ్లం ఐరన్‌ని పట్టి ఉంచుతుంది. పులిసినప్పుడు అది విరిగి ఐరన్ విడుదలవుతుంది. ఇది ఎవరూ కాదనరు.

లెక్కల_మాస్టారు
నేనూ కాదనను. కానీ మీరు చెప్పింది ఒంటికి పట్టే వంతు గురించి, మెసేజ్ చెప్పింది అన్నంలో ఉన్న మొత్తం గురించి. జేబులో పది రూపాయలుంటే ఖర్చు పెట్టుకునే వీలు పెరుగుతుందేమో గాని రెండొందలు అవవు కదా.

ఇంకోటి. ఫైటిక్ ఆమ్లం ఎక్కువగా ఉండేది తవుడులో. మనం తినేది తెల్లగా పాలిష్ పట్టిన స్వర్ణ. మన మార్టేరు వరి పరిశోధన కేంద్రంలోనే 1982లో వచ్చిన ఎం.టి.యు. 7029 రకం. తవుడుతోపాటే చాలావరకు ఫైటిక్ ఆమ్లమూ పోయింది, ఐరనూ పోయింది. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో మరపట్టిన పచ్చి బియ్యానికి 100 గ్రాములకి సుమారు 0.65 మిల్లీగ్రాములే. అంటే ఆ 3.4 దగ్గరే తేడా ఉంది. ఆడవాళ్ళకి రోజుకి కావలసింది 29 మిల్లీగ్రాములు, మగవాళ్ళకి 19. మామూలు బియ్యంతోనే 29 రావాలంటే నాలుగున్నర కిలోలు వండాలి.

మిల్లు_గుమాస్తా
మాస్టారూ, ఆ 0.65 ఫోర్టిఫైడ్ (పోషకాలు చేర్చిన) రేషన్ బియ్యానికి వర్తించదండి. దాంట్లో వంద గింజలకి ఒకటి చొప్పున ఫోర్టిఫైడ్ గింజ కలుపుతారు. నిబంధన ప్రకారం కిలోకి 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బి12 ఉండాలి. అంటే 100 గ్రాములకి దాదాపు 3 నుంచి 4. బియ్యప్పిండిలో పోషకాలు కలిపి మళ్ళీ గింజలా ఒత్తుతారు, కాబట్టి రంగు కాస్త తేడాగా ఉండి నీళ్ళలో తేలుతుంది. ప్లాస్టిక్ బియ్యమని చేటలో ఏరి పారేసేది వాటినే! ఏరకుండా, నాలుగైదుసార్లు పిసికి కడగకుండా, గంజి వార్చకుండా అత్తెసరు పెట్టుకోవాలి.

పులస_ప్రియుడు
రేషన్ బియ్యం ఇంట్లో వండేవాళ్ళెవరండీ, గుమ్మంలోనే బేరం అయిపోతోంది.

కడియం_తోట
ఐరన్ గొడవ మీరు చూసుకోండి. కషాయం డబ్బా ఆపడం మాత్రం మంచిదే. ఆ పొడుల్లో కలిపే తిప్పతీగ వాడినవాళ్ళలో లివర్ దెబ్బతిన్న కేసులు 2021లోనూ, 2022లోనూ డాక్టర్లు ప్రచురించారు. రెండో దాంట్లో 13 ఆసుపత్రుల నుంచి 43 మంది. ఆయుష్ శాఖ అది ఒప్పుకోలేదు, అదే పోలికున్న వేరే జాతి తీగ కలిసి ఉంటుందంది. నర్సరీలో అంటుకట్టేవాళ్ళకే రెండు తీగలూ పక్కపక్కన పెడితే తికమక. ఇక పొడి కొట్టి డబ్బాలో పోస్తే ఎవరు గుర్తుపడతారు?

తరవాణి_కుండ
అందుకే చద్దన్నమే మేలంటున్నా. మాస్టారు మన తిండిని తీసిపారెయ్యడమే పనిగా పెట్టుకున్నారు. ఇదే బయటిదేశం వాళ్ళు సీసాలో పోసి ప్రోబయాటిక్ అని అమ్మితే మూడొందలు పెట్టి తాగుతారు. ముత్తాతలు దుక్కి దున్నింది దీనితోనే కదా, ఏ పట్టిక చూసి తిన్నారు?

లెక్కల_మాస్టారు
ముత్తాతలు తిన్నది దంపుడు బియ్యం. 73.91 సంగతి చెప్పండి.

తరవాణి_కుండ
మీకు ఆ ఒక్క అంకె తప్ప ఇంకేం కనబడదా!

ఆఖరిబంతి
రెండ్రోజులుగా చదువుతున్నాను. కుండ గురించి రాశారు, గింజ గురించి రాశారు. ఇంట్లో ఆ చద్ది ఎవరి పళ్ళెంలోకి వెళ్తుందో ఒక్కరూ రాయలేదు.

ఎన్ని ఇళ్ళలో పాలు పోసి తోడుపెడుతున్నారు? ఎక్కువచోట్ల జరిగేది తెలిసిందే. రాత్రి మిగిలింది పారేస్తే అన్నం అవమానమని, పొద్దున్న మగవాళ్ళకి, పిల్లలకి ఇడ్లీ, పెసరట్టు అయ్యాక, అదే అన్నంలో నీళ్ళు పోసుకుని పచ్చడిబద్దతో తినేది ఇంటి ఆడమనిషి. కూర, గుడ్డు, చేపముక్క ఆ బంతికి అందవు. ఇప్పుడు దానికి 21 రెట్ల ఐరన్ అని పేరు పెడితే ఆ పళ్ళెంలో ఇక గుడ్డు వెయ్యక్కర్లేదన్నమాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో (2019-21) మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతానికి రక్తహీనత. మగవాళ్ళలో అందులో మూడో వంతు కూడా లేదు.

మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికి కళ్ళు తేలేయడం, ప్రతి జలుబూ రెండు వారాలు ఉండిపోవడం. వీటికి ఇమ్యూనిటీ పొడి అమ్ముతారు గాని హిమోగ్లోబిన్ చూపించుకోమనరు. 12 కంటే తక్కువైతే రక్తహీనతే, గర్భిణికి 11.

కాకినాడ_కాజా
అమ్మా, మీ పేరు చూసి ఇన్నాళ్ళూ క్రికెట్ అభిమాని అనుకున్నాను. ఇప్పుడు అర్థమైంది.

తరవాణి_కుండ
మా ఇంట్లో మగవాళ్ళమే ముందు తింటామండి చద్ది. అందరినీ ఒకే మాట అనకండి. తిండిని పొగిడితే ఆడవాళ్ళని మాడ్చినట్టా?

ఆఖరిబంతి
మిమ్మల్ని అనలేదు, మీ తయారీని కాదనలేదు. పాలూ పెరుగూ పడిన చద్ది మంచి తిండే. అది ఎవరికి అన్నదే నా గొడవ.

లెక్కల_మాస్టారు
58.8 సరైన అంకే. కాకపోతే తేడా అంతా పళ్ళెం వల్లే అనలేం. నెలసరి ఉంది, కాన్పులున్నాయి. అవసరమే 29కి 19.

ఆఖరిబంతి
అవసరం ఎక్కువైనవాళ్ళకి వడ్డన తక్కువ. నేనన్నదీ అదే కదా మాస్టారూ.

వశిష్ఠ_ఒడ్డు
కొట్టుకోకండి బాబూ. చద్దన్నం తినేవాళ్ళు ఐరన్‌కి ఇంకేం చెయ్యాలో చెప్పండి, అది రాస్తాను.

ఆఖరిబంతి
చద్దిలో ఊరగాయ పులుపుని నమ్ముకోకండి, నిల్వలో విటమిన్ సి చాలావరకు పోతుంది. తినేముందు అరచెక్క నిమ్మరసం పిండండి, లేదా తిన్నవెంటనే జామకాయ. జామలో 100 గ్రాములకి 200 మిల్లీగ్రాములకి పైనే సి ఉంటుంది, ఆకుకూర, పప్పుల్లోని ఐరన్ ఒంటికి పట్టడానికి అది కావాలి. టీ గంట ఆగి తాగాలి. చద్ది తింటూనే టీ గ్లాసు పట్టుకోవడం మనవైపు పెద్ద జబ్బు.

మునగాకు ఆషాఢానికే పరిమితం చెయ్యకండి, పెరట్లో చెట్టు ఏడాదంతా చిగురేస్తుంది. గుప్పెడు ఆకు పెసరపప్పులో వేసి, దించాక నిమ్మకాయ పిండాలి, పొయ్యి మీద కాదు. వారంలో నాలుగు గుడ్లు, రెండుసార్లు చిన్నచేపలు. బి12 పులిసిన అన్నంలో వస్తుందని కూర్చోవద్దు, పాలు, గుడ్లు, చేపల నుంచే.

ఊడ్పులకి వెళ్ళేవాళ్ళకి ఇంకోటుంది. ఉత్త కాళ్ళతో తడిమట్టిలో తిరిగితే కొంకి పురుగు పాదంలోంచి ఎక్కి పేగులో కూర్చుని రక్తం పీలుస్తుంది. అది ఉండగా ఎంత తిన్నా ఓటికుండలో నీళ్ళే. ఆరోగ్య కార్యకర్తని అడిగి ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర వేసుకోవాలి, గర్భిణులు మాత్రం డాక్టర్ని అడక్కుండా వద్దు. హిమోగ్లోబిన్ బాగా తక్కువైతే తిండితో నెలల్లో ఎక్కదు. ఏఎన్ఎం దగ్గర ఎర్ర ఐరన్ మాత్ర ఉచితం. మలం నల్లబడుతుంది, భయపడి ఆపకండి. వికారంగా ఉంటే రాత్రి పడుకోబోయే ముందు వేసుకోండి.

తరవాణి_కుండ
నిమ్మరసం పాలు పోసిన చద్దిలో పిండితే విరుగుతుందేమో అనుకునేవాళ్ళకి: అప్పటికే తోడుకుంది గనక ఏమీ కాదు. నీళ్ళచద్దికైతే ఇబ్బందే లేదు. సుగరున్నవాళ్ళు గిన్నె సగం చేసి పక్కన ఉడికించిన పెసలో గుడ్డో పెట్టుకోవాలి. పులిసినంత మాత్రాన అన్నం అన్నం కాకుండా పోదు.

లెక్కల_మాస్టారు
ఈ మాట మీరన్నందుకు సంతోషం. ఇనుప మూకుడులో పులుసు మరిగిస్తే కూరలోకి నిజంగానే ఐరన్ దిగుతుంది, బయటినుంచి రావడమంటే అది. కుండలోంచి అలా రాదు.

వశిష్ఠ_ఒడ్డు
గ్రూపులో ఇలా పెట్టాను చూడండి: "చద్దన్నం మంచిదే. అన్నం ఆరబెట్టి, కాచిన నీళ్ళు లేక పాలతో తోడుపెట్టండి. తీగ సాగితే పారబొయ్యండి. నిమ్మకాయ లేదా జామకాయ కలపండి, టీ గంట ఆగి. రేషన్ గింజలు ఏరకండి. నీరసముంటే హిమోగ్లోబిన్ చూపించుకోండి. తిప్పతీగ పొడి ఆపండి."

లెక్కల_మాస్టారు
21 రెట్లు తీసేశారా?

వశిష్ఠ_ఒడ్డు
తీసేశానండి.

ఆఖరిబంతి
పళ్ళెం సంగతి కూడా తీసేసినట్టున్నారు.