పాత తలుపులు మార్చాలి: ద్వారబంధాలు ఉంచాలా, పీకేయాలా?

పడమటి_వాకిలి:

అందరికీ నమస్కారం. మా ఇల్లు కట్టి ముప్పై ఏళ్లు దాటింది, తలుపులన్నీ అప్పటివే. ఇక మార్చక తప్పేలా లేదు. పనివాళ్లను పిలిచి చూపిస్తే ఒకాయన గుమ్మాలతో సహా అన్నీ తీసేయమంటున్నాడు, ఇంకొకాయన రెక్కలు మారిస్తే చాలంటున్నాడు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

వీధి తలుపు టేకుది. పడమర ముఖం కాబట్టి మధ్యాహ్నం నుంచి పొద్దు గూకేదాకా ఎండ, వానొస్తే జల్లు నేరుగా దాని మీదే. పాలిష్ పొరలు పొరలుగా లేచిపోయింది. కింది అడ్డపట్టె, నిలువు పట్టె కలిసే చోట అతుకు విడిపోయి గోరు దూరేంత సందు పడింది. వానల్లో బిగుసుకుపోయి భుజం పెట్టి నెట్టాలి. ఎండల్లో వదులై గాలికి కొట్టుకుంటుంది.

పడకగది తలుపులు ఫ్లష్ డోర్లు, అంటే పలకలు లేకుండా రెండు వైపులా నున్నగా ఉండే రకం. ఒకటి నేలను రాస్తూ తెరుచుకుంటుంది, టైల్స్ మీద అర్ధచంద్రాకారంలో గీత పడిపోయింది. బాత్రూమ్ తలుపు కింద జానెడు మేర ఉబ్బి పొరలు ఊడుతున్నాయి. వంటింటి వెనక తలుపు బాగానే ఉంది గానీ దాని ద్వారబంధం మీద సన్నటి మట్టి చారలు కనిపిస్తున్నాయి.

ఇంకో సంగతి. అమ్మ ఇప్పుడు వాకర్ పట్టుకుని నడుస్తోంది. బాత్రూమ్ గుమ్మం దగ్గర వాకర్‌ను ఏటవాలుగా తిప్పి దూర్చాల్సి వస్తోంది. ఎలాగూ తలుపులు మారుస్తున్నాం కాబట్టి ఆవిడకు వీలుగా ఉండేలా చేయించాలని నా కోరిక. ఏం చేస్తే బాగుంటుందో అనుభవమున్నవాళ్లు చెప్పండి.

ఉలీ_బాడిసా:

నమస్తే అండి. నేను వడ్రంగిని, ఎక్కువగా పాత ఇళ్ల తలుపుల పనే చేస్తుంటాను. ముందుగా ఒక్క మాట: ఇప్పుడే ఏదీ కొనకండి. తలుపు పాడైందంటే దాని వెనక ఏదో కారణం ఉంటుంది. అది నీళ్లు కావచ్చు, ఎండ, చెద, వదులైన బందు ఏదైనా కావచ్చు. దాన్ని పట్టుకోకుండా కొత్త రెక్క బిగిస్తే అదీ అదే దారి పడుతుంది. మీ ఇంట్లో ఒక్కో తలుపుది ఒక్కో రోగం. అన్నిటికీ ఒకే మందు చెప్పేవాళ్ల మాట నమ్మొద్దు.

ద్వారబంధం ఉంచాలా తీయాలా అన్నది ఎవరో చెప్పనక్కర్లేదు, స్క్రూడ్రైవర్‌తో మీరే తేల్చుకోవచ్చు. నేలను తాకే చోటు నుంచి జానెడు ఎత్తు వరకు మొనతో గట్టిగా పొడిచి చూడండి. గట్టి కర్ర అయితే మొన చిన్న చుక్క వేసి ఆగిపోతుంది. కుళ్లిన కర్రలో మెత్తగా దిగబడుతుంది. తర్వాత పిడితో పైదాకా తట్టుకుంటూ వెళ్లండి, డొల్లగా మోగితే లోపల చెద తినేసినట్టే. మూడోది, తూకం గుండు వేలాడదీసి నిలువు కొయ్యలు ఒరిగాయేమో చూడండి. చివరగా పై ఎడమ మూల నుంచి కింది కుడి మూలకు, పై కుడి నుంచి కింది ఎడమకు టేపు పట్టండి. రెండు కొలతలూ ఒకటే వస్తే గుమ్మం మూలమట్టంగా ఉన్నట్టు. ఈ నాలుగింటిలోనూ నెగ్గితే ఆ గుమ్మాన్ని ముట్టుకోకండి. పాత ద్వారబంధాన్ని పట్టి ఉంచే ఇనుప పట్టీలు గోడలోకి దిగి ఉంటాయి. వాటిని కోసి పీకాలంటే చుట్టూ ప్లాస్టరింగ్ రాలుతుంది, అంచు టైల్స్ పగులుతాయి, రంగు మళ్లీ వేయాలి. అవసరం ఉంటే చేయాల్సిందే, ఊరికే మాత్రం వద్దు.

వీధి తలుపు సంగతి. అంత పాత టేకును తీసిపారేస్తారంటే నాకు ప్రాణం ఒప్పదు. ఒక చిన్న అద్దం తీసుకుని తలుపు అడుగున పెట్టి అంచు ఎలా ఉందో చూడండి. నాకు తెలిసి అక్కడ పాలిష్ ఉండదు, పచ్చి కర్రే కనిపిస్తుంది. నిలువు పట్టెల అడుగున కర్ర నరాలు అడ్డంగా తెగిన ముఖం ఉంటుంది, కర్ర నీళ్లు తాగేది ఎక్కువగా అక్కడే. వానలో తాగి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండలో ఆరి కుంచించుకుపోతుంది. ఏళ్ల తరబడి అలా లాగీ లాగీ అతుకు వదిలేసింది. పలకలు పగలకుండా, నిలువు పట్టెలు మెలి తిరగకుండా ఉంటే ఆ రెక్కను విప్పి, కింది అడ్డపట్టె ఒక్కటి కొత్తది చేయించి, నీళ్లకు ఊడని జిగురుతో మళ్లీ బిగించొచ్చు. మెలి తిరిగిందో లేదో చూడటం తేలిక. పైన ఒక బద్ద, కింద ఒక బద్ద అడ్డంగా పట్టి దూరం నుంచి ఒక కన్నుతో చూడండి, రెండూ సమానంగా కనపడాలి.

ఫ్లష్ డోర్ నేలను రాస్తోందంటే తొంభై పాళ్లు పై బందు వదులైనట్టే. తలుపు మూసి, బందులు లేని వైపు పై మూల సందు చూడండి. పైన సందు ఎక్కువై, గడియ వైపు కింద నేలకు తగులుతోంటే రెక్క వాలింది. దానికి చిత్రిక పట్టి కింద కోసేస్తారు చాలామంది. అది తప్పు. వదులైన స్క్రూ తీసి, ఆ బెజ్జాన్ని డ్రిల్లుతో శుభ్రం చేసి, గట్టి కర్ర ముక్కను గుండ్రంగా చెక్కి జిగురు పూసి దిగ్గొట్టాలి. జిగురు పూర్తిగా ఆరాక పైకి ఉన్నది ఉలితో సమంగా కోసి, సన్న బెజ్జం వేసి, పాతదానికంటే పొడుగు స్క్రూ బిగించాలి. తలుపు లేచి నిలబడుతుంది. మీరు చెప్పిన ఆ గదికి కొత్త తలుపు అవసరమే రాకపోవచ్చు.

నెమ్మది_నడక:

అమ్మగారి విషయం చదివి రాస్తున్నాను. మా మామగారికి పక్షవాతం వచ్చాక మా ఇంట్లో తలుపులు మార్పించాం.

గుమ్మం కొలత వేరు, మనిషి దూరే సందు వేరు. తలుపును పూర్తిగా తెరిచి, రెక్క ముఖం నుంచి ఎదుటి నిలువు కొయ్య దాకా కొలవండి. రెక్క మందం, బందులు కలిసి మనకు తెలియకుండానే ఆ సందును తినేస్తాయి. చక్రాల కుర్చీకి అక్కడ కనీసం 32 అంగుళాలు ఉండాలంటారు. వాకర్‌కు అంత అక్కర్లేదు, కానీ ముందుముందు ఏ అవసరం వస్తుందో చెప్పలేం కదా. గోడ పగలగొట్టకుండా కాస్త వెడల్పు కావాలంటే ఆఫ్‌సెట్ బందులు దొరుకుతాయి. తెరిచినప్పుడు అవి రెక్కను సందులోంచి పూర్తిగా బయటికి తప్పిస్తాయి. ఇంచుమించు తలుపు మందమంత చోటు కలిసొస్తుంది.

ఇంకా ముఖ్యం, బాత్రూమ్ తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించండి. లోపల ఎవరైనా జారి తలుపుకి అడ్డంగా పడితే, లోపలికి తెరుచుకునే తలుపును నెట్టలేం, నెడితే వాళ్లకే దెబ్బ. గడియ కూడా బయటి నుంచి నాణెంతోనో స్క్రూడ్రైవర్‌తోనో తిప్పి తీయగలిగే రకం పెట్టించండి. గుండ్రటి నాబ్ వద్దు, కిందికి నొక్కే హ్యాండిల్ అయితే వేళ్లలో బలం లేకపోయినా మోచేత్తో తెరవొచ్చు. దయచేసి ఈ పని మిగతా తలుపులన్నిటికంటే ముందు చేయించండి.

పడమటి_వాకిలి:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండి. ఇవాళ స్క్రూడ్రైవర్ పట్టుకుని ఇల్లంతా తిరిగాను.

వీధి తలుపు అడుగున అద్దం పెట్టి చూస్తే మీరన్నట్టే పచ్చి కర్ర, నల్లగా మారిపోయింది. గుమ్మం మాత్రం రాయిలా ఉంది. బద్దలు పట్టి చూస్తే మెలి లేదు. బాత్రూమ్ గుమ్మం రెండు పక్కలా అడుగున స్క్రూడ్రైవర్ సగం దిగిపోయింది. వంటింటి వెనక గుమ్మం ఒక పక్క మోకాలి ఎత్తు వరకు డొల్లగా మోగుతోంది. పడకగదిలో పై బందుకి మూడు స్క్రూలు ఊరికే తిరుగుతున్నాయి.

అయితే బాత్రూమ్‌కి, వంటింటి వెనక దానికి ఏ రకం తలుపులు మంచివి? కొలతలు నేనే ఇవ్వొచ్చా?

ఉలీ_బాడిసా:

బాగా చూశారు. అయితే రెండు గుమ్మాలే తీయాలి, మిగతావి ఉంచేయండి.

బాత్రూమ్ గుమ్మం కుళ్లడం ఒక రకంగా కలిసొచ్చింది. పాత ద్వారబంధాల్లో రెక్క ఆనే గాడి ఒకవైపే కోసి ఉంటుంది, అందుకని తలుపు అటే తెరుచుకుంటుంది. దిశ మార్చాలంటే మామూలుగా గుమ్మమే మార్చాలి. ఎలాగూ తీస్తున్నారు కాబట్టి పైన చెప్పిన సలహా ప్రకారం బయటికి తెరుచుకునేలా చేయించండి. వెడల్పు పెంచే ఆలోచన ఉంటే అదీ ఇప్పుడే, ఒకసారి గోడ పూడ్చాక మళ్లీ కదిలించలేరు. పైన లింటెల్ (గుమ్మం మీద గోడ బరువు మోసే దూలం) ఎంత దూరం ఉందో చూడకుండా గోడ కొట్టనివ్వొద్దు. అక్కడ గుమ్మం, రెక్క రెండూ డబ్ల్యూపీసీ (కర్ర పొడి, ప్లాస్టిక్ కలిపి చేసేది) పెట్టుకోండి, నీళ్లకు ఉబ్బదు, చెద పట్టదు. బరువు ఎక్కువ కాబట్టి మూడు బందులు, అవి స్టెయిన్‌లెస్ స్టీలువే ఉండాలి. మామూలు ఇనుప బందులు ఆ తేమకు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి.

వంటింటి వెనక గుమ్మం విషయంలో తొందరపడొద్దు. ముందు చెద మందు కొట్టేవాళ్లను పిలిపించి అది ఎక్కణ్ణుంచి వస్తోందో చూపించుకోండి. నేలలోంచి గోడ పగుళ్ల గుండా వస్తుంది. గుమ్మం తీసిన రోజున ఆ సందంతా తెరిచి ఉంటుంది, మందు పట్టించడానికి అంతకంటే మంచి అదను లేదు. మందు పట్టించకుండా కొత్త గుమ్మం బిగించి సిమెంటుతో మూసేస్తే లోపలి చెద లోపలే ఉండి ఇంకో కర్ర వెతుక్కుంటుంది. మందు అయ్యాక బిగించండి. రెక్క బాగానే ఉందన్నారు కదా, బందుల వైపు అంచు ఒకసారి తట్టి చూసి, గట్టిగా ఉంటే దాన్నే వాడుకోండి.

కొలతలు మీరే తీసుకోండి, కానీ పాత రెక్కను కొలవొద్దు. దాన్ని ఎన్నిసార్లు కోశారో, అరగదీశారో మనకు తెలియదు. గుమ్మం లోపలి గాడిని కొలవాలి. వెడల్పు పైన, నడిమిన, కింద మూడు చోట్ల తీసుకుని అన్నిటికంటే చిన్నది రాసుకోండి. ఎత్తు రెండు పక్కలా. అందులోంచి పైన, పక్కల 3 మిల్లీమీటర్ల చొప్పున సందు వదలాలి, కింద 6 నుంచి 10 దాకా. నేల ఎక్కడైనా ఎత్తు పెరుగుతోందేమో తలుపు తిరిగే మేరంతా మట్టం పెట్టి చూడండి, గుమ్మం కింద ఒక్కచోటే చూస్తే సరిపోదు.

గదులకు ఎప్పుడైనా కొత్త ఫ్లష్ డోర్ కొంటే నిండు రకం తీసుకోండి. డొల్ల రకంలో చుట్టూ సన్నటి కర్ర పట్టె, మధ్యలో తేనెపట్టులా అట్ట ఉంటుంది. పొడుగు ఎక్కువైందని ఆ పట్టె దాటి కోశారంటే ఇక దానికి అంచే ఉండదు. తాళం పెట్టే చోట లోపల కర్ర దిమ్మ ఏ వైపు ఉందో కూడా చూసుకోవాలి. నిండు తలుపుకి ఈ బాధలేవీ లేవు, చప్పుడు కూడా ఆపుతుంది. తెచ్చాక గోడకు ఆనించి పెట్టకండి, వంగుతుంది. నేల మీద బద్దలు వేసి వాటి మీద పరిచి, రెండు మూడు రోజులు ఆ గది గాలికి అలవాటు కానిచ్చాక బిగించాలి.

రంగుల_డబ్బా:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ముప్పై ఏళ్ల నాటి తలుపులకు, గుమ్మాలకు ఆయిల్ పెయింట్ ఉంటే అందులో సీసం ఉండొచ్చు. పొడిగా గరుకు కాగితం వేయించకండి. ఆ దుమ్ము పిల్లలకు మరీ ప్రమాదం. తడి చేసి రుద్దాలి, మాస్క్ పెట్టుకోవాలి, కింద ప్లాస్టిక్ షీటు పరిచి ఆ తుక్కంతా మూటగట్టి తీసేయాలి. ఇంట్లో పెద్దావిడ ఉన్నారు, ఆ రెండు రోజులు ఆవిణ్ణి వేరే గదిలో ఉంచండి.

పడమటి_వాకిలి:

తప్పకుండా అండి. ఈ విషయం నాకు అసలు తోచలేదు.

అయితే ముందు బాత్రూమ్, తర్వాత చెద మందు, వెనక గుమ్మం. వీధి తలుపు వానలు తగ్గి కర్ర బాగా ఆరాక విప్పిస్తాను. పడకగది బందు నేనే చేసుకుంటాను. చివరిగా ఒక్కటి: వీధి తలుపుకి పాలిష్ ముందు కొట్టించి తర్వాత తాళం పెట్టించాలా, లేక తాళం పెట్టాకా? పనివాళ్లు ఇక్కడ కూడా తలో మాట చెబుతున్నారు.

ఉలీ_బాడిసా:

తలుపు ఎక్కించి, తాళానికి, గడియకు బెజ్జాలన్నీ వేసి, సాఫీగా పడుతోందని చూసుకుని మళ్లీ దించేయాలి. అప్పుడు పాలిష్. ఆరు ముఖాలకూ పట్టాలి: ముందు, వెనక, రెండు పక్క అంచులు, పై అంచు, అడుగు. అడుగున మాత్రం తాగినన్ని సార్లు పట్టించండి. తాళం బెజ్జం లోపల, బందుల గాళ్లలో కూడా చిన్న బ్రష్‌తో పూయమనండి, పచ్చి కర్ర ఎక్కడ మిగిలితే నీళ్లు అక్కణ్ణుంచే ఎక్కుతాయి. ఎండ పడే తలుపు కాబట్టి బయటి వాడకానికని రాసి ఉన్న, ఎండను తట్టుకునే పాలిష్ తీసుకోండి. ముదురు రంగు వద్దు, వేడెక్కి అతుకుల్ని మళ్లీ లాగుతుంది. బయటివైపు కింద వాలుగా ఒక వాన పట్టె కొట్టించి, దాని అడుగున సన్నటి గాడి తీయించండి. జారిన నీళ్లు ఆ గాడి దగ్గర బొట్టుగా తెగి కింద పడతాయి, తలుపు అడుగుకి పాకవు. పాలిష్ ఆరాక తాళం బిగించి ఎక్కించేయండి.