10×10 బెడ్రూమ్ బాగా ఇరుకుగా ఉంది, ఏం మార్చాలి?

మియాపూర్ ఫ్లాట్:
గది లోపల 10×10 అడుగులు, ఎత్తు 9.5. పడమర గోడకు 7 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు వార్డ్‌రోబ్, పైన లాఫ్ట్. అంతా ముదురు గోధుమ రంగు లామినేట్. తూర్పున 4×4 కిటికీ. తలుపు ఉత్తరం గోడకు తూర్పు చివర. క్వీన్ సైజు మంచం తూర్పు తలగా వేసి ఉంది, దాంతో వార్డ్‌రోబ్ తలుపులు పూర్తిగా తెరుచుకోవు. ఫాల్స్ సీలింగ్ చేయించి, వార్డ్‌రోబ్ నిండా అద్దాలు పెడితే విశాలంగా కనిపిస్తుందని కాంట్రాక్టర్ అంటున్నారు. మంచం అద్దంలో కనపడకూడదని ఇంట్లో పెద్దవాళ్ల పట్టు. సొంత ఫ్లాటే. సలహా చెప్పగలరు.

వడ్రంగం:
ముందు మంచం తిప్పండి, ఖర్చుల సంగతి తర్వాత. పరుపు 60×78 అంగుళాలైతే ఫ్రేముతో కలిపి మంచం సుమారు 64×82 ఉంటుంది. వార్డ్‌రోబ్ పోను మిగిలే 96 అంగుళాల్లో తూర్పు తల మంచమే 82 తినేస్తోంది. మిగిలిన 14లో 18 అంగుళాల తలుపు ఎలా తెరుచుకుంటుంది?

దక్షిణం తల పెట్టండి. కిటికీ గోడ దగ్గర పరదా కోసం 4 అంగుళాలు వదిలినా వార్డ్‌రోబ్ ముందు 28 అంగుళాల దారి వస్తుంది. కాళ్ల వైపు 38 మిగులుతుంది, గది తలుపు 36 లోపు ఉంటే మంచానికి తగలదు. ప్లాన్ నమ్మకండి, టేపు పెట్టి గోడ నుంచి గోడకు కొలవండి. ప్లాస్టరింగ్‌లో రెండంగుళాలు పోవడం మామూలే, మీ గదికి ఆ రెండంగుళాలే కీలకం. కిటికీ పక్కన పడుకునేవాళ్లు మాత్రం కాళ్ల వైపు నుంచి దిగాలి. పెద్దవాళ్ల గదైతే 4 అడుగుల మంచం మేలు.

స్లైడింగ్ తలుపుల జోలికి వెళ్లొద్దు. ట్రాక్‌కి మూడంగుళాల దాకా లోతు పోతుంది, హ్యాంగర్‌కి తగిలించిన చొక్కాల చేతులు తలుపుకి రాసుకుంటాయి.

రంగుల పని:
వార్డ్‌రోబ్, లాఫ్ట్ కలిపి సుమారు 63 చదరపు అడుగుల ముదురు రంగు ఒకే గోడ మీద ఉంది. గదిని నొక్కుతున్నది అదే. గోడకు ఏ లేత రంగు వేస్తారో తలుపులకీ అదే రావాలి, అప్పుడు వార్డ్‌రోబ్ గోడలో కలిసిపోతుంది. పాత లామినేట్ మీదే 1 మి.మీ. మ్యాట్ లామినేట్ అతికించవచ్చు. పాత నునుపు పోయేదాకా 80 నంబరు ఎమెరీ కాగితంతో రుద్దాలి, దుమ్ము పూర్తిగా తుడవాలి. జిగురు రెండు వైపులా రాసి, వేలికి అంటని దాకా ఆరనిచ్చి అతికించాలి. తొందరపడితే లోపల తడి చిక్కుకుని ఎండాకాలంలో బుడగలు లేస్తాయి. అంచులకు కొత్త బ్యాండ్ (అంచు పట్టీ) వేశాక తలుపులు ఒకదానికొకటి రాసుకోకుండా హింజిలు సరిచేయించండి.

గోడలు, సీలింగ్ కలిపి సుమారు 380 చదరపు అడుగులు. రెండు కోట్లకు 6 లీటర్ల ఎమల్షన్ సరిపోతుంది. మెరిసే గ్లాసీ ఫినిష్ వద్దు, పుట్టీ వంకరలన్నీ బయటపడతాయి.

మియాపూర్ ఫ్లాట్:
చాలా థ్యాంక్స్ అండి. మరి ఫాల్స్ సీలింగ్, అద్దం?

లైటింగ్:
ఫాల్స్ సీలింగ్ వద్దండి. అయిదారు అంగుళాల ఎత్తు పోతుంది. చుట్టూ బార్డర్ పెట్టారంటే కప్పు ముక్కలై ఇంకా చిన్నదిగా కనిపిస్తుంది. అందులో బిగించే లైట్లు 48 అంగుళాల ఫ్యాన్ రెక్కల పైన పడితే గదంతా నీడలు కొట్టుకుంటాయి. దానికి బదులు 20 వాట్ల ఎల్‌ఈడీ బాటెన్ (ట్యూబ్‌లైట్ లాంటి పొడుగు లైటు) ఒకటి గోడ మీద ఎత్తుగా, ఇంకో చిన్న లైటు తల వైపు గోడకు పెట్టండి. గోడల మీద వెలుగు పరుచుకుంటేనే మూలలు విడివడతాయి.

పరదా రాడ్డు నేల నుంచి 9 అడుగుల ఎత్తున, కిటికీకి అటూ ఇటూ 8 అంగుళాలు బయటికి ఉండాలి. అప్పుడు పగలు పరదా పూర్తిగా గోడ మీదికి జరుగుతుంది, అద్దం పలక మొత్తం తెరిచి ఉంటుంది. రెడీమేడ్‌లో దొరికే 9 అడుగుల పరదాలు మూడు చాలు. ఆ ఎత్తులో బీమ్ తగిలితే హామర్ డ్రిల్ కావాలి.

అద్దం వార్డ్‌రోబ్ మీద కాదు, ఉత్తరం గోడకు, వార్డ్‌రోబ్ పక్కనే పెట్టండి: 18 అంగుళాల వెడల్పు, 5 అడుగుల ఎత్తు, 5 మి.మీ. మందం. మంచానికీ వార్డ్‌రోబ్‌కీ మధ్య దారి దానికి ఎదురుగా పడుతుంది కాబట్టి ఆ దారి రెట్టింపు పొడవున్నట్టు అనిపిస్తుంది. మంచానికి నేరుగా ఎదురు రాదు. బిగించే ముందు పడుకుని చూసి, ఒక అంగుళం అటో ఇటో జరుపుకోండి. తడిగుడ్డ నీళ్లు అంచులోకి వెళ్లకుండా నేల నుంచి 6 అంగుళాలు వదలండి. అతికించడానికి న్యూట్రల్ సిలికాన్ అనే అడగండి, వెనిగర్ వాసన వచ్చే రకం వెనక పూతను తినేసి నల్ల మచ్చలు తెస్తుంది.