అమ్మానాన్నల మొదటి ఫుట్‌బాల్ మ్యాచ్: కౌబాయ్స్ స్టేడియమా, శుక్రవారం స్కూల్ ఆటా?

శీను_ఫ్రిస్కో:
అందరికీ నమస్కారం. మా అమ్మానాన్న నరసరావుపేట నుంచి ఆగస్టు మొదట్లో వస్తున్నారు, జనవరి దాకా ఉంటారు. అమెరికా రావడం ఇద్దరికీ ఇదే మొదలు. నాన్నకి 66. కుర్రతనంలో ఊళ్లో కబడ్డీ బాగా ఆడేవారు, ఇప్పటికీ టీవీలో ప్రో కబడ్డీ వస్తే కదలరు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. డాలస్ పక్కన ఆర్లింగ్టన్‌లో కౌబాయ్స్ (ఇక్కడి ప్రొఫెషనల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు) మ్యాచ్‌కి ఇద్దర్నీ తీసుకెళ్లాలని నా ఆలోచన. మా ఆవిడేమో "ఏమీ అర్థం కాని ఆటకి మూడు గంటలు కూర్చోబెడతావా?" అంటోంది. సీట్లు ఎక్కడ తీసుకోవాలి, పార్కింగ్ సంగతేంటి, అసలు ఇది మంచి ఆలోచనేనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఫార్టీ_యార్డ్స్:
కచ్చితంగా తీసుకెళ్లండి శీను గారు, రెండో ఆలోచన వద్దు. 80 వేల మంది పట్టే స్టేడియం, పైన తెరుచుకునే కప్పు, లోపల ఏసీ. మధ్యలో వేలాడే తెర మైదానంలో ఇటు 20 గజాల గీత నుంచి అటు 20 గజాల గీత దాకా ఉంటుంది. 2009లో స్టేడియం తెరిచిన కొత్తలో ఒక ప్రాక్టీస్ మ్యాచ్‌లో పైకి తన్నిన బంతి వెళ్లి ఆ తెరకే తగిలింది! ఆట అర్థం కాకపోయినా ఆ తెర చూస్తూ గడిపేయొచ్చు.

సీట్లు మాత్రం జాగ్రత్త. కొత్తవాళ్లు దగ్గరగా కూర్చోవాలని కింద, మైదానం చివర ఉండే ఎండ్‌జోన్ పక్కన కొంటారు. అక్కణ్ణుంచి వీపులు తప్ప ఏమీ కనపడవు. కొంచెం ఎత్తులో, సైడ్‌లైన్ (మైదానం పొడవు గీత) వైపు కొనండి. పదకొండు మంది ఎలా సర్దుకుంటున్నారో, ఎవరు ఎటు పరిగెడుతున్నారో మొత్తం తెలుస్తుంది. మరీ పైన 400 సెక్షన్లు వద్దు, అక్కడ మెట్లు నిలువుగా ఉంటాయి, అమ్మగారు ఇబ్బంది పడతారు. పార్కింగ్ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోవాలి. స్టేడియం దాకా వెళ్లే రైలు లేదు.

డెంటన్_కుర్రోడు:
పార్టీ పాస్ తీసుకోండి అన్నా, అన్నిటికన్నా చవక.

ఇర్వింగ్_ఇల్లాలు:
పార్టీ పాస్ అంటే సీటు ఉండదు తమ్ముడూ, ఆటంతా నిలబడి చూడటమే. గేట్లు తెరవగానే పరిగెత్తి రెయిలింగ్ దగ్గర చోటు పట్టుకోవాలి. మోకాళ్ల నొప్పులని ఆయన రాశారు, చదివావా?

ఆలెన్_అక్క:
శీను గారూ, మీ ఆవిడ చెప్పినదాంట్లో న్యాయం ఉంది. మా అమ్మని తీసుకెళ్లిన సంగతి చెప్తాను, వినండి. ప్రో మ్యాచ్‌లకి 2013 నుంచి అరచేతంత చిన్న పర్సు కాకుండా, లోపలివి బయటికి కనపడే ప్లాస్టిక్ బ్యాగ్ మాత్రమే లోపలికి రానిస్తారు. 12 అంగుళాలు, 6 అంగుళాలు, 12 అంగుళాలు, అంతకు మించకూడదు. మా అమ్మ చేతిలో మామూలు హ్యాండ్‌బ్యాగ్. గేటు దగ్గర ఆపేశారు. మా తమ్ముడు దాన్ని తీసుకుని కారు దాకా నడిచి, మళ్లీ వచ్చేసరికి మొదటి క్వార్టర్ (ఆటలో నాలుగో వంతు) అయిపోయింది. ఈలోగా అమ్మ ఎండలో నిలబడి "నా బ్యాగులో బాంబుందా?" అని ఒకటే ఏడుపు.

నా సలహా ఏంటంటే, శుక్రవారం రాత్రి హైస్కూల్ ఆటకి తీసుకెళ్లండి. మీరుండేది ఫ్రిస్కోనే కదా. మీ స్కూల్ డిస్ట్రిక్ట్ ఆటలు ద స్టార్‌లోని ఫోర్డ్ సెంటర్‌లో కూడా జరుగుతాయి. కౌబాయ్స్ జట్టు ప్రాక్టీస్ చేసే చోటే అది. 12 వేల సీట్లు, కప్పు ఉంది, ఏసీ ఉంది, ఇంటికి దగ్గర. టికెట్‌కి ఒక పిజ్జా ఖర్చు కూడా కాదు. మార్చింగ్ బ్యాండ్ ఉంటుంది. హోమ్‌కమింగ్ (స్కూల్ వార్షిక సంబరం) వారం అయితే ఆడపిల్లలు గుండెల నిండా రిబ్బన్లు వేలాడే పెద్ద పువ్వులు, 'మమ్స్', కట్టుకుని తిరుగుతారు, మీ అమ్మగారికి అదొక్కటే చాలు కాలక్షేపానికి. క్వార్టర్ కూడా 12 నిమిషాలే, ప్రోలో లాగా 15 కాదు.

ఫార్టీ_యార్డ్స్:
అక్కా, బ్యాగ్ రూల్ టికెట్ మీదే ఉంటుంది. చదవకపోతే స్టేడియం తప్పా? స్కూల్ పిల్లల ఆట చూపించి "ఇదే అమెరికన్ ఫుట్‌బాల్" అని ఇంటికి పంపిస్తారా? తిరుపతి వెళ్లి కొండ ఎక్కకుండా తిరిగొచ్చేసినట్టు ఉంది మీ సలహా.

ఆలెన్_అక్క:
టికెట్ ఫోన్‌లో వచ్చింది, ఫోన్ తమ్ముడి దగ్గర ఉంది. అమ్మ ఎక్కడ చదవాలి? ఇక స్కూల్ పిల్లల ఆట అని తీసిపారేస్తున్నారు. మా ఆలెన్ స్కూల్ స్టేడియం చూశారా? 18 వేల సీట్లు, కట్టడానికి 6 కోట్ల డాలర్లు అయింది.

బ్యాక్‌బెంచర్:
2012లో తెరిచి, కాంక్రీటుకి పగుళ్లొచ్చి 2014లో మూసేసింది ఆ స్టేడియమేనా? 😄

ఆలెన్_అక్క:
బాగుచేసి 2015లో మళ్లీ తెరిచారు. ఆ సంగతి కూడా రాయండి.

డెంటన్_కుర్రోడు:
మధ్యేమార్గంగా మా యూఎన్‌టీకి (యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సాస్) రండి అన్నా. 30 వేల పైచిలుకు సీట్లు, కాలేజీ ఆట, స్టూడెంట్ ఐడీ ఉంటే ఉచితం.

బ్యాక్‌బెంచర్:
ఆయన అమ్మానాన్నలకి స్టూడెంట్ ఐడీ ఎవరిస్తారు బ్రో? యూటీ డాలస్‌కి తీసుకెళ్లండి, అక్కడసలు ఫుట్‌బాల్ జట్టే లేదు, టెన్షన్ ఉండదు.

శీను_ఫ్రిస్కో:
బ్యాగ్ సంగతి తెలియదు, థాంక్స్ అక్కా. నాన్నకి బీపీ, షుగర్ మందులు ఉంటాయి. అవి రానిస్తారా? ఇంకో మాట, ఆగస్టులో ప్రీసీజన్ (అసలు సీజన్‌కి ముందు ఆడే ప్రాక్టీస్) మ్యాచ్‌లు చవకగా ఉంటాయట కదా, ఒకటి చూపించేస్తే పోలేదా?

ఫార్టీ_యార్డ్స్:
ప్రీసీజన్ వద్దు. పెద్ద ఆటగాళ్లు దాదాపు ఆడరు. కౌబాయ్స్ ముఖ్య ఆటగాడు ప్రెస్కాట్ బెంచి దగ్గర టోపీ పెట్టుకుని నిలబడి ఉంటాడు.

ఇర్వింగ్_ఇల్లాలు:
ప్రెస్కాట్ ఆడాడో, వాళ్ల బావమరిది ఆడాడో నరసరావుపేట నుంచి వచ్చిన మనిషికి ఎలా తెలుస్తుందండీ? అదే స్టేడియం, అదే తెర, సగం ధర.

ఫార్టీ_యార్డ్స్:
జనం ఉండరు. సగం సీట్లు ఖాళీ. మూడో డౌన్‌లో (మూడో ప్రయత్నంలో) ఎదుటి జట్టు బంతి పట్టుకున్నప్పుడు స్టేడియం మొత్తం అరిచే అరుపు ఉంటుంది చూడండి, ఆ అరుపుకే నేను డబ్బు పెట్టేది. ఎదుటి జట్టుని నడిపించే క్వార్టర్‌బ్యాక్ మాట పక్కవాడికి వినపడకూడదని అరుస్తారు. అంటే చూసేవాళ్లు కూడా ఆటలో ఉన్నట్టే. అది ప్రీసీజన్‌లో ఉండదు, స్కూల్ ఆటలో అసలే ఉండదు.

శీను గారూ, మీ నాన్నగారికి ముందు రోజు ఇంట్లో ఒక అరగంట టీవీ పెట్టి చూపించండి. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి, వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు, లేకపోతే బంతి అవతలివాళ్లకి. మూడు అయ్యాక వెళ్లడం కష్టమనిపిస్తే దూరంగా తన్నేస్తారు, లేదా గోల్ దగ్గరుంటే తన్ని 3 పాయింట్లు తీసుకుంటారు. టచ్‌డౌన్‌కి 6. ఇంతే చెప్పండి. పెనాల్టీల గురించి ఎత్తకండి. కబడ్డీ ఆడినాయనకి టాకిల్ గురించి మనం చెప్పక్కర్లేదు.

బ్యాక్‌బెంచర్:
కబడ్డీలో మధ్యలో యాడ్స్ కోసం ఆపరు. 2010లో వాల్ స్ట్రీట్ జర్నల్ వాళ్లు లెక్కేస్తే మూడు గంటల ప్రసారంలో బంతి కదిలేది సుమారు 11 నిమిషాలట. మిగతాదంతా నిలబడటం, మాట్లాడుకోవడం.

ఫార్టీ_యార్డ్స్:
వచ్చేసింది 11 నిమిషాలు! ఈ లెక్క చెప్పని మనిషిని ఒక్కణ్ణి చూపించండి. టెస్ట్ మ్యాచ్‌లో బంతి కదిలేది ఎంతసేపో లెక్కేశారా ఎప్పుడైనా? ఆగిన ఆ 40 సెకన్లలోనే అసలు ఆట ఉంది. ఎవరిని దింపారు, ఎవరిని తీశారు, ఎటు నిలబడ్డారు అని చూడాలి.

బ్యాక్‌బెంచర్:
సరే, 11 కాదు, 12.

ఆలెన్_అక్క:
అసలు విషయం ఎవరూ మాట్లాడటం లేదు. దెబ్బలు. మా అమ్మ చూస్తుండగా ఒక కుర్రాడు పడిపోయి లేవలేదు, బండి మీద తీసుకెళ్లారు. చుట్టూ జనం కాసేపు మౌనంగా ఉండి, బండి వెళ్లగానే మళ్లీ నాచోస్ తినడం మొదలుపెట్టారు. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. 2023 జనవరిలో సిన్సినాటిలో డమార్ హామ్లిన్ అనే ఆటగాడికి మైదానంలోనే గుండె ఆగింది, అందరం టీవీలో చూశాం. పెద్దవాళ్లకి అవసరమా?

ఫార్టీ_యార్డ్స్:
మరి మీ స్కూల్ ఆటలో ఢీకొనేది ఎవరక్కా? పదహారేళ్ల పిల్లలు. జీతం తీసుకునే ముప్పై ఏళ్ల మనిషి పడితే మీ అమ్మగారు అన్నం మానేశారు. పక్కింటి పిల్లాడు పడితే బ్యాండు వింటూ కూర్చుంటారా? మీ వాదన మీకే అడ్డం తిరుగుతోంది.

నిజం చెప్పండి, మీ బాధ దెబ్బల గురించి కాదు, బ్యాగ్ గురించీ కాదు. డబ్బు గురించి. మన చదువుకి పొలం అమ్మినవాళ్లని ఒక్కసారి మంచి సీట్లో కూర్చోబెట్టడానికి రెండు మూడు వందల డాలర్లు చూసుకుంటున్నాం. వచ్చిన దగ్గర్నుంచి గుడి, కాస్ట్‌కో, మనవడు. ఇంతేనా వాళ్లకి అమెరికా?

ఇర్వింగ్_ఇల్లాలు:
కొంచెం మెల్లగా అండీ.

ఆలెన్_అక్క:
డబ్బు గురించే అనుకోండి. నేనేమీ సిగ్గుపడను. మా తమ్ముడు టికెట్ ధర అమ్మకి చెప్పలేదు. "ఆఫీసులో ఫ్రీగా ఇచ్చారు" అన్నాడు. హాఫ్‌టైమ్‌లో వెనక కూర్చున్న తెలుగాయన ఎవరో మాటల్లో ధర చెప్పేశాడు. అమ్మ దాన్ని రూపాయల్లోకి మార్చుకుంది. ఆ తర్వాత ఆట చూడలేదు, వాడి మొహమే చూస్తూ కూర్చుంది. "ఇంత పెట్టి ఎందుకు తెచ్చావురా, నేను అడిగానా?" అని కార్లో మొదలుపెట్టి ఫ్లైట్ ఎక్కేదాకా అదే మాట. మీరు రుణం తీర్చుకోవాలనుకుంటున్నారు. బాగుంది. కానీ ఆ బిల్లు వాళ్లకి తెలియకుండా వాళ్ల పేరు మీదే రాస్తున్నారు. స్కూల్ ఆటలో ఆ గొడవ ఉండదు. ధర చెప్పొచ్చు, నచ్చకపోతే రెండో క్వార్టర్‌లో లేచి రావొచ్చు. మూడు వందలు పెట్టాక లేచి రానిస్తారా మీరు? కూర్చోబెడతారు.

ఫార్టీ_యార్డ్స్:
చెప్తే వాళ్లు రారు. అందుకే చెప్పం. ప్రతి ఇంట్లో ఇదే కదా. నిజం చెప్పినవాళ్లు ఎవరైనా ఉంటే చెయ్యి ఎత్తండి.

డెంటన్_కుర్రోడు:
నేను ఐఫోన్ ధర కూడా చెప్పలేదు.

ప్లేనో_పెద్దాయన:
నేను మీరంతా మాట్లాడుకుంటున్న 'వాళ్ల'లో ఒకణ్ణి. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, కొడుకు దగ్గర ఉంటున్నాను. కౌబాయ్స్ ఆట చూశాను, మా మనవడి స్కూల్ ఆటా చూశాను.

బాబూ ఫార్టీ యార్డ్స్, ధర చెప్తే రారు అన్నావు. రాకపోతే రాలేదు. వద్దనే అవకాశం మాకుండాలి కదా. మావాడు నాకు ధర చెప్పాడు. రెండు రోజులు ఆలోచించి "సరే, కానీ మీ అమ్మకి కొనకు, ఆవిడకి ఆసక్తి లేదు" అన్నాను. ఆవిడని అడిగితే నిజంగానే లేదంది. ఒక టికెట్ డబ్బు మిగిలింది. ధర తెలిసి వెళ్లాను గనక ప్రతి నిమిషం వసూలు చేసుకున్నాను. ఆట మొదలయ్యే ముందు మైదానం అంతా పరిచిన జెండా దగ్గర్నుంచి చివరి విజిల్ దాకా కూర్చున్నాను.

అమ్మాయీ ఆలెన్ అక్కా, స్కూల్ ఆట బాగుంటుంది, కాదనను. కానీ అక్కడ నేను తాతని. మనవడి స్నేహితుల్ని పలకరించడం, చెల్లెలి కొడుక్కి ఫోటో పంపడం సరిపోయింది. ఆర్లింగ్టన్‌లో నేను ఆట చూడటానికి వచ్చిన మనిషిని. తేడా ఉంది.

శీను, పనికొచ్చే మాటలు రెండు. ఒక బైనాక్యులర్ పట్టుకెళ్లు. దాని తోలు కేసు ఇంట్లోనే వదిలెయ్, అది రానివ్వరు. బంతి ఎవరి దగ్గరుందో మామూలు కళ్లకి దొరకదు. మందులకి మినహాయింపు ఉంది. తనిఖీకి వేరే గేటు పెడతారు, అది ఎక్కడో ముందే చూసి ఉంచుకో. అమ్మ వస్తే పార్కింగ్ నుంచి నడక ఎంతో ముందుగా చెప్పు. స్టేడియం పెద్దదని చెప్తే సరిపోదు, ఎంత నడవాలో చెప్పాలి.

ఇర్వింగ్_ఇల్లాలు:
పెద్దాయన గారూ 🙏

ఫార్టీ_యార్డ్స్:
గౌరవంగానే చెప్తున్నానండీ, మా నాన్న మీలాంటివారు కాదు. ఆయన్ని అడిగితే ఈ జన్మలో "సరే" అనరు. ఫ్లైట్ టికెట్ కూడా నేను అడక్కుండానే కొన్నాను. అడిగి ఉంటే ఆయన అమెరికా చూసేవారే కాదు. ఆట చూసి ఆయన నవ్విన ఫోటో నా దగ్గరుంది.

ఆలెన్_అక్క:
నవ్వారు, సరే. ఆ నవ్వు ఆటకా, మీ కోసమా?

ఫార్టీ_యార్డ్స్:
తేడా ఏముంది?

ఆలెన్_అక్క:
నాకు చాలా ఉంది.

శీను_ఫ్రిస్కో:
నిన్న రాత్రి వీడియో కాల్‌లో ధరతో సహా చెప్పేశాను. నాన్న మొదట "పిచ్చా?" అన్నారు. పది నిమిషాలయ్యాక ఆయనే మళ్లీ ఫోన్ చేసి, అవుట్ అయినవాణ్ణి మళ్లీ లోపలికి రానిస్తారా అని అడిగారు. ఇందులో అవుట్లు లేవు నాన్నా అంటే, "అయితే నేరుగా చూడాల్సిందే" అన్నారు. అమ్మ మాత్రం నడక ఎంతో విని వద్దంది. ఆవిడని ఫోర్డ్ సెంటర్‌కి తీసుకెళ్తాను. పక్కింటి అమ్మాయి బ్యాండులో ట్రంపెట్ వాయిస్తుంది, దానికి వస్తానంది. నాన్నకీ నాకూ అక్టోబరులో రెండు టికెట్లు చూస్తున్నాను. మధ్యాహ్నం 12 గంటల ఆటా, 3:25 ఆటా?

ఫార్టీ_యార్డ్స్:
12. 3:25 ఆటకి పడమటి వైపు అద్దాల్లోంచి ఎండ నేరుగా వస్తుంది. 2024లో కౌబాయ్స్ స్టార్ సీడీ ల్యాంబ్ అంతటివాడికే ఆ ఎండలో బంతి కనపడలేదు. కప్పు మూసినా ఆ వెలుగు ఆగదు. ఏ ఆటైనా సరే, సైడ్‌లైన్, మధ్య అంతస్తు. సెక్షన్ నంబర్ పంపండి, కొనేముందు నేను చూస్తాను.

ఆలెన్_అక్క:
బ్యాగ్ కొన్నారా?