జనాజా (శవయాత్ర) దగ్గర అనిపించిన మాఫ్ చెల్లుతుందా? అక్క మహర్ (నిఖాలో భర్త భార్యకు ఇస్తానని రాసే సొమ్ము) గురించి అడుగుతున్నాను

కావలి తమ్ముడు:
అస్సలాము అలైకుమ్. తెలిసినవాళ్లు ఎవరైనా కాస్త వివరంగా చెప్పండి, ఇంట్లో అందరం టెన్షన్‌లో ఉన్నాం.

మా బావ చనిపోయి రెండు నెలలు అవుతోంది. గుండెపోటు, 43 ఏళ్లు. మయ్యిత్‌ను ఇంట్లోంచి ఎత్తే ముందు నలుగురు ఆడవాళ్లు అక్కను పట్టుకుని తీసుకొచ్చి ‘మహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా, లేకపోతే ఆయన మీద బరువు ఉండిపోతుంది’ అన్నారు. అక్క అప్పటికే రెండుసార్లు స్పృహ తప్పింది. నోటితో ఏమన్నా అన్నదో లేదో ఆమెకే గుర్తులేదు, పక్కనే ఉన్న నేను మాత్రం తల ఊపడం చూశాను.

నిఖా 2009లో అయింది. సియాహాలో (ఖాజీ రాసే నిఖా రిజిస్టరులో) 50,000 రూపాయలు, 3 సవర్ల బంగారం, రెండూ మువజ్జల్ (వాయిదా మీద ఇచ్చేది) అని రాశారు. బావ ఇవ్వలేదు, అక్క అడగలేదు, సంసారం బాగానే సాగింది కాబట్టి ఆ మాటే ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు బావ తమ్ముడు స్టాంపు పేపరు తెచ్చాడు. ట్రంకు రోడ్డు మీద మెకానిక్ షాపు ఉంది, అది బావ పేరు మీదే ఉంది, దాన్ని అమ్మేస్తారంట. మహర్ మాఫ్ చేశాను, షాపులో నాకు హక్కు లేదు అని అక్క సంతకం పెట్టాలంట. అక్కకు ఇంకా ఇద్దత్ (భర్త పోయాక భార్య పాటించే గడువు) కూడా పూర్తి కాలేదు. ఒక కొడుకు 13 ఏళ్లు, కూతురు 9. బావ వాళ్ల నాన్న లేరు, అమ్మ ఉన్నారు. షాపు తాళం అక్క దగ్గరే ఉంది.

అక్క భయం వేరే. ‘నలుగురి ముందు మాఫ్ అన్నాక మళ్లీ అడిగితే ఆయనకు అక్కడ ఇబ్బంది అవుతుందేమో’ అని ఏడుస్తోంది. దానికి నాకు జవాబు తెలియడం లేదు.

కోటమిట్ట భాయ్:
వ అలైకుమ్ అస్సలాం. ముందు మీ అక్క భయం గురించి చెప్తాను, ఎందుకంటే డబ్బు కంటే అదే ఆమెను ఎక్కువ తింటోంది.

మహర్ అంటే భర్త దయతలచి ఇచ్చే కానుక కాదు, నిఖా రోజు నుంచీ అతని మీద ఉన్న అప్పు. ఖురాన్‌లో నిసా సూరా 4వ ఆయత్‌లో ఆడవాళ్ల మహర్ వాళ్లకు సంతోషంగా ఇవ్వండి అని ఉంది, వాళ్లు తమ ఇష్టంతో అందులో కొంత వదిలితే అప్పుడు మీరు తినవచ్చు అని కూడా ఉంది. ‘తమ ఇష్టంతో’ అన్న మాటే ఇక్కడ ముఖ్యం. స్పృహ తప్పిన మనిషిని లేపి కూర్చోబెట్టి తల ఊపించడంలో ఇష్టం ఎక్కడుంది? అదే సూరాలో వారసత్వం ఆయత్‌లు చూడండి, వాటాలు చెప్పిన ప్రతిచోటా వసియ్యత్ (వీలునామా), అప్పు తీర్చిన తర్వాతే అని ఉంది. అంటే మీ అక్క మహర్ తీర్చాకే మిగిలింది పంచాలి.

ఇక ఆయన మీద బరువు సంగతి. అప్పు మిగిల్చి పోయిన ఒక మనిషి జనాజా తెచ్చినప్పుడు ప్రవక్త (స) నమాజ్ చదివించడానికి ముందుకు రాలేదు. ఆయన సహచరుడు అబూ ఖతాదా ఆ అప్పు నా మీద వేసుకుంటాను అన్నాకే చదివించారు. అంతేగానీ అప్పు ఇచ్చినవాణ్ని పిలిచి మాఫ్ చెయ్యమని ఒత్తిడి చెయ్యలేదు. బరువు దించాల్సింది ఆస్తి చేతిలో పెట్టుకున్నవాళ్లు. మీ అక్క అడిగితే ఆయనకు ఇబ్బంది కాదమ్మా, ఆ అప్పు తీరితే ఆయనకు తేలిక. ఈ మాట మీ అక్కకు చదివి వినిపించు.

ఇంకొకటి, మన దగ్గర ముఅజ్జల్, మువజ్జల్ రెండూ ఒకేలా పలుకుతారు. మొదటిది అడిగిన వెంటనే ఇవ్వాల్సింది, రెండోది తలాఖ్‌కో చావుకో వాయిదా పడింది. నిఖాలో ఖాజీ చదివేటప్పుడు పెళ్లికొడుక్కీ తెలియదు, పెళ్లికూతురికీ తెలియదు. సియాహా నకలు తెచ్చి ఏ అక్షరాలతో రాశారో ఉర్దూ చదివేవాళ్లకు చూపించండి. ఇప్పుడు ఎలాగూ రెండూ చెల్లించాల్సినవే, అయినా చూసుకోండి.

పొదిలి నుంచి:
నాకు ఒక మాట చెప్పాలనిపిస్తోంది, తప్పుగా అనుకోవద్దు. చనిపోయినాయన పేరు మీద అప్పు అని పంచాయితీ పెట్టడం, రేపు కోర్టుకు పోవడం బాగుంటుందా? ఆ పిల్లలకు నాయనమ్మ, చిన్నాన్న కావాలి కదా. 50,000 కోసం సంబంధాలు తెగిపోతే ఎలా? పెద్దల సమక్షంలో మాట్లాడుకుంటే మంచిది.

కనిగిరి బాజీ:
పొదిలి అన్నా, సంబంధాలు తెంపుతున్నది స్టాంపు పేపరు తెచ్చినవాళ్లు, ఆమె కాదు.

నా పెళ్లికి మా నాన్న పొలం అమ్మి 2 లక్షల కట్నం ఇచ్చాడు. నా మహర్ 5,000. కట్నం పెళ్లికి వారం ముందే లెక్కపెట్టి తీసుకున్నారు, మహర్ మాత్రం ‘అదేముందిలే, పేరుకే’ అన్నారు. కట్నం ఇవ్వడం, తీసుకోవడం 1961 నుంచీ నేరం, అదే చట్టంలో మన మహర్ కట్నం కిందికి రాదు అని విడిగా రాశారు. అంటే చట్టం వద్దన్నదేమో ముందే ముట్టింది, దీన్ (మతం) ఇమ్మన్నది పేరుకే మిగిలింది. నా ఆయన పోయినప్పుడు నన్నూ అలాగే మాఫ్ అనిపించారు. అప్పుడు నాకు 27 ఏళ్లు. ఆ 5,000 కోసం కాదు, ఆ సమయంలో నాకు ఒక మనిషిగా విలువ ఇవ్వలేదని ఇప్పటికీ బాధ.

అందుకే నా కూతురి నిఖాలో రూపాయలు రాయించలేదు. మహరే ఫాతిమీ రాయించాను, అంటే 500 దిర్హముల వెండి, మన లెక్కలో 131 తులాల పైచిలుకు, 1,530 గ్రాముల దాకా వస్తుంది. రూపాయలైతే ఇరవై ఏళ్లకు ఏమీ మిగలదు, వెండి అయితే ఎప్పుడు ఇచ్చినా వెండే. మీ అక్కకు 3 సవర్లు అని రాశారు కదా, అది 24 గ్రాముల బంగారం, 2009 నాటి రేటు లెక్కగట్టి డబ్బు ఇస్తామంటే ఒప్పుకోకండి. బంగారం బాకీ బంగారమే.

ఒంగోలు వకీలు:
చట్టం వైపు నుంచి చెప్తాను. సంతకం మాత్రం వద్దు. ఇద్దత్ అయ్యేదాకా అని కాదు, వకీలుకు చూపించేదాకా ఏ కాగితం మీదా వద్దు.

భర్త చావు దుఃఖంలో ఉన్న భార్య మహర్ వదులుకున్నానని చెప్పినా అది స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి కాదు అని కలకత్తా హైకోర్టు 1920లోనే చెప్పింది. కాబట్టి ఆ తల ఊపుడు మీద వాళ్లు కేసు నిలబెట్టడం కష్టం. ఇప్పుడు ప్రశాంతంగా ఉన్నప్పుడు స్టాంపు పేపరు మీద పెట్టే సంతకం వేరు, అది చెల్లే ప్రమాదం ఉంది. వాళ్లకు కాగితం ఎందుకు అవసరమైందో దీన్నిబట్టే అర్థం చేసుకోండి.

రెండోది, కొడుకు ఉన్నాడు కాబట్టి బావ తమ్ముడికి ఈ ఆస్తిలో వాటానే లేదు. అంత్యక్రియల ఖర్చు, మహర్, మిగతా అప్పులు పోగా మిగిలినదాన్ని 24 భాగాలు చేస్తే మీ అక్కకు 3, అత్తగారికి 4, మిగిలిన 17 పిల్లలకు, అందులో కొడుక్కి రెండు వంతులు, కూతురికి ఒక వంతు. మైనర్ల వాటా అమ్మాలంటే కోర్టు అనుమతి కావాలి, చిన్నాన్నకు తనంతట తాను అమ్మే అధికారం లేదు. కొనేవాడికి ఈ విషయం తెలిస్తే వాడే వెనక్కి పోతాడు.

తాళం సంగతి చాలా ముఖ్యం. గొడవ లేకుండా, మోసం లేకుండా భర్త ఆస్తి భార్య స్వాధీనంలోకి వస్తే మహర్ ముట్టేదాకా దాన్ని అట్టిపెట్టుకునే హక్కు ఆమెకుంది. అమ్ముకునే హక్కు కాదు, అట్టిపెట్టుకునేది మాత్రమే. ‘ఒకసారి లోపల సామాను చూసుకుంటాం’ అని అడిగినా తాళం ఇచ్చి పంపకండి, మీరు కూడా వెళ్లి తెరిచి చూపించండి. వాయిదా మహర్‌కు దావా వేయడానికి గడువు భర్త చనిపోయిన రోజు నుంచి మూడేళ్లు. పెద్దలతో మాట్లాడండి, మంచిదే, కానీ మాట్లాడుతూ మూడేళ్లు దాటనివ్వకండి.

కావలి తమ్ముడు:
అందరికీ జజాకల్లాహ్. కోటమిట్ట భాయ్ రాసింది అక్కకు రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏమీ అనలేదు, రెండోసారి అబూ ఖతాదా దగ్గర ఆపమని చెప్పి మళ్లీ చదివించుకుంది. సంతకం పెట్టను అని రాత్రి తనే మరిదికి ఫోన్ చేసి చెప్పింది. అత్తగారిని మాత్రం నువ్వు వెళ్లి చూసి రా, ఆమె వాటా ఆమెకు ఇస్తామని చెప్పు అంది. రేపు ఖాజీ దఫ్తరుకు సియాహా నకలు కోసం పోతున్నాను.